రెండోసారి వాడిన కీ: ఎనిగ్మా నుంచి వాట్సాప్ దాకా

[తెర మీద: ఎనిగ్మా యంత్రం మీటలు, బాగా దగ్గరగా. ఒక వేలు మూడు అక్షరాలు నొక్కుతుంది. మళ్లీ అవే మూడు నొక్కుతుంది.]

1930ల్లో జర్మన్ సైన్యంలో, సందేశాలను రహస్య లిపిలోకి మార్చే ఎనిగ్మా యంత్రం ముందు కూర్చున్న ఆపరేటరు, సందేశం మొదలుపెట్టే ముందు, దాన్ని చదవడానికి యంత్రాన్ని ఎలా అమర్చుకోవాలో చెప్పే మూడు అక్షరాలు తనే ఎంచుకుని కొట్టాలి. ఒకసారి కాదు, రెండుసార్లు. రేడియోలో గరగర వచ్చి ఒక అక్షరం పోయినా అవతలివాళ్లకు సరిగ్గా అందాలని పెట్టిన నియమం అది. పెట్టినవాళ్ల ఉద్దేశం మంచిదే. కానీ యంత్రం గుట్టు బయటపడింది ఆ రెండోసారి కొట్టడం వల్లే.

రహస్య లిపుల చరిత్రలో గణితం ఓడిపోయిన సందర్భాల కంటే, ఒక్కసారే వాడాల్సినదాన్ని మళ్లీ వాడి దెబ్బతిన్న సందర్భాలే ఎక్కువ కనిపిస్తాయి. ఇందులో మూడింటిని లోపలికి వెళ్లి చూద్దాం. తర్వాత మీ ఫోనులో ఆ తప్పు జరగకుండా ఏం ఏర్పాటు చేశారో, ఆ ఏర్పాటు ఎక్కడ ఆగిపోతుందో చూద్దాం.

[తెర మీద: పద్ధతి, కీ అనే రెండు పెట్టెలు]

ముందు ఒక తేడా. పిల్లలు మాట్లాడుకునే క-భాష తీసుకోండి. "రేపు సినిమా" అనడానికి "కరే కపు కసి కని కమా" అంటారు. పద్ధతి తెలియనంతసేపే అది రహస్యం, తెలిసిన మరుక్షణం ఏమీ మిగలదు. 1883లో ఆగస్ట్ కెర్కాఫ్స్ సైనిక లిపులకు ఒక షరతు పెట్టాడు: పద్ధతి మొత్తం శత్రువు చేతికి చిక్కినా ఫరవాలేదు, కీ, అంటే ఆ పద్ధతిలో ఈసారి ఎంచుకున్న రహస్య అమరిక, ఒక్కటీ చిక్కకపోతే చాలు. ఎనిగ్మా ఆ లెక్కనే తయారైంది. నేటి వాట్సాప్ కూడా అంతే.

[తెర మీద: కరెంటు దారి గీస్తూ యానిమేషన్]

మీట నొక్కితే కరెంటు ముందు ప్లగ్‌బోర్డులోకి వెళ్తుంది. అక్కడ 10 తీగలు 20 అక్షరాలను జంటజంటలుగా తారుమారు చేస్తాయి. అది దాటితే మూడు రోటర్లు, అంటే తిరిగే చక్రాలు. ఒక్కో రోటరులో 26 తీగలు అడ్డదిడ్డంగా కలిపి ఉంటాయి. చివర ఉన్న రిఫ్లెక్టరు కరెంటును వెనక్కి తిప్పుతుంది. మళ్లీ మూడు రోటర్లు, మళ్లీ ప్లగ్‌బోర్డు, ఆఖరికి ఒక దీపం. మీట నొక్కిన ప్రతిసారీ కుడివైపు రోటరు ఒక గడి జరుగుతుంది కాబట్టి కరెంటు దారి ప్రతి అక్షరానికీ మారిపోతుంది.

యుద్ధం మొదలయ్యేనాటి లెక్క ఇది. అయిదు రోటర్లలో మూడింటిని ఎంచి వరసగా పెట్టడానికి 60 దారులు. వాటి మొదటి స్థానాలు 26×26×26, అంటే 17,576. ప్లగ్‌బోర్డు అమరికలు సుమారు ఒకటిన్నర కోటి కోట్లు. మూడింటినీ గుణిస్తే దాదాపు 15 లక్షల 90 వేల కోటి కోట్ల కీలు. ఒక్కొక్కటీ వేసి చూస్తూ పోవడం జరిగే పని కాదు.

1932 డిసెంబరులో వార్సాలోని సంకేత లిపుల విభాగంలో 27 ఏళ్ల మరియన్ రెయెవ్‌స్కీ ఒక్కొక్కటీ వేసి చూడలేదు. ఆ రెండోసారి కొట్టిన మూడు అక్షరాల వెంట పడ్డాడు.

[తెర మీద: ఆరు గళ్లు. 1, 4 ఒక రంగు, 2, 5 ఒక రంగు, 3, 6 ఒక రంగు]

రెండుసార్లు కొడితే ఆరు అక్షరాలు. మొదటి గడిలోనూ నాలుగో గడిలోనూ దాగి ఉన్నది ఒకే అక్షరం. రెండూ అయిదూ అంతే, మూడూ ఆరూ అంతే. ఒకే రోజు పట్టుకున్న సందేశాలన్నీ పక్కపక్కన పేర్చండి. ఒకదానిలో మొదటి గడిలో ఎ, నాలుగో గడిలో కె. ఇంకోదానిలో కె, పి. మరోదానిలో పి, ఎ. చూడండి: ఎ నుంచి కె, కె నుంచి పి, పి నుంచి మళ్లీ ఎ. గొలుసు మూసుకుంది, పొడవు 3. రోజుకు 60, 80 సందేశాలు దొరికితే 26 అక్షరాలూ ఇలాంటి గొలుసుల్లో పడిపోతాయి.

ఇక్కడే అసలైన అందం ఉంది. ప్లగ్‌బోర్డు తీగలు గొలుసులో ఏ అక్షరం ఎక్కడుందో మార్చగలవు, గొలుసు పొడవును మాత్రం మార్చలేవు. ఆ తీగల అమరికలన్నీ లెక్కలోంచి ఒక్కసారిగా పక్కకు జరిగాయి. అప్పట్లో రోటర్లు మూడే, వాటి వరసలు 6. ఆరుని 17,576తో గుణిస్తే 1,05,456. ఇది మనుషులు కూర్చుని పట్టిక రాయగల సంఖ్య. నిజంగానే రాశారు, ఏడాదికి పైగా పట్టింది. 1937 నవంబరులో జర్మన్లు రిఫ్లెక్టరు మార్చేసరికి మళ్లీ మొదటినుంచి రాసుకున్నారు.

పట్టిక రాయాలంటే ముందు రోటర్ల లోపలి తీగలు తెలియాలి. ఫ్రెంచి గూఢచారి విభాగం ఇచ్చిన రెండు నెలల కీల పట్టికలు రెయెవ్‌స్కీకి అక్కడ అక్కరకొచ్చాయి. ఒక ముడి మాత్రం మిగిలింది: మీటల నుంచి రోటర్లకు తీగలు ఏ వరసలో వెళ్తున్నాయి? బజారులో అమ్మిన ఎనిగ్మాలో అవి టైప్‌రైటరు మీటల వరసలో ఉండేవి. సైన్యం యంత్రంలో మామూలు అక్షరక్రమమే పెట్టి ఉంటారేమోనని అతను ఊహించాడు. సరిపోయింది. బ్రిటన్‌లో లిపి ఛేదకుడు డిల్లీ నాక్స్‌ను ఏళ్లపాటు ఆపేసిన ముడి ఇదే. 1939 జులైలో వార్సా దగ్గరి పిరీ అడవిలో పోలండ్ వాళ్లు తమ పనంతా చూపించినప్పుడు ఆయన మొట్టమొదట అడిగిందీ ఇదే.

1940 మే 1న జర్మన్లు రెండుసార్లు కొట్టడం మానేశారు. దాని మీదే ఆధారపడ్డ పద్ధతులు ఆ రోజుతో మూలపడ్డాయి. బ్రిటన్ లిపి ఛేదన కేంద్రం బ్లెచ్లీ పార్కులో అలన్ ట్యూరింగ్, ఎనిగ్మా కీలు వెతికే తన బాంబ్ యంత్రాన్ని దాని మీద ఆధారపడకుండానే కట్టాడు కాబట్టి పని ఆగలేదు. ఆయన పట్టుకున్నది ఊహించగల మాటలను. వాతావరణ సందేశంలో "వెట్టర్‌ఫోర్‌హెర్‌జాగె", అంటే వాతావరణ సూచన, అనే 16 అక్షరాల మాట ఉంటుందని అనుకుందాం. ఎక్కడ ఉంటుంది? రిఫ్లెక్టరు వల్ల ఎనిగ్మాలో ఏ అక్షరమూ తనలాగే బయటికి రాదు. ఊహించిన మాటను రహస్య లిపి కింద పెట్టి ఒక్కో గడీ జరుపుతూ పోండి. పైనా కిందా ఒకే అక్షరం తగిలిన ప్రతి చోటూ తప్పే. 16 అక్షరాల మాటకు దాదాపు సగం చోట్లు ఇలాగే కొట్టుకుపోతాయి. మిగిలినవాటిని బాంబ్ తన 36 ఎనిగ్మాల సాటి అమరికతో పరీక్షిస్తుంది. గోర్డన్ వెల్చ్‌మన్ చేర్చిన డయాగనల్ బోర్డు అనే భాగం వచ్చాక, బాంబ్ తప్పు అమరిక దగ్గర ఆగిపోవడం బాగా తగ్గింది.

[తెర మీద: కాగితం, పెన్ను]

రెండో సంఘటనకు పెన్ను, కాగితం తీసుకోండి. నాలుగంకెల సందేశం 3142. కీ 8597. అంకెకు అంకె కలపండి, పదులు వదిలేయండి: 1639. ఈ కీ ఎవరూ ఊహించలేనిదై, ఒక్కసారే వాడితే, 1639 చూసి అసలు సందేశం ఎవరూ చెప్పలేరు. ఎంత పెద్ద కంప్యూటరున్నా సరే.

ఇప్పుడు అదే కీతో రెండో సందేశం పంపుదాం, 2705. వచ్చేది 0292. దారిలో దొంగచాటుగా వినేవాడి దగ్గర కీ లేదు, కానీ 1639 ఉంది, 0292 ఉంది. మొదటిదాంట్లోంచి రెండోదాన్ని అంకెకు అంకె తీసేస్తే, తక్కువ పడ్డచోట పది కలుపుకుంటే, 1447. అసలు సందేశాలు 3142 లోంచి 2705 తీసి చూడండి. అదీ 1447. కీ మాయమైపోయింది! మిగిలినవి రెండు సందేశాలే, ఒకదానికొకటి అతుక్కుని. ఒకదానిలో ఏముందో కొంచెం ఊహించగలిగితే రెండోదానిలో ఆ ముక్క దానంతటదే బయటికొస్తుంది.

1941 ఆగస్టు 30న జరిగింది ఇదే. హిట్లర్ ఉన్నత సైనిక కార్యాలయాలు వాడిన లోరెంజ్ యంత్రంతో ఏథెన్స్ నుంచి వియన్నాకు సుమారు 4,000 అక్షరాల సందేశం పంపారు. సరిగ్గా అందలేదు, మళ్లీ పంపమన్నారు. ఆపరేటరు అవే అమరికలతో మళ్లీ కొట్టాడు. ఉన్నదున్నట్టు కొట్టి ఉంటే రెండోసారీ అవే అక్షరాలు వచ్చేవి, తీసివేత సున్నా అయ్యేది, ఎవరికీ ఏమీ దక్కేది కాదు. విసుగొచ్చి కొన్ని మాటలు కుదించాడు. అక్కడి నుంచి రెండు పాఠాలూ ఒకదాని మీదినుంచి ఒకటి జరిగాయి. బ్లెచ్లీలో జాన్ టిల్ట్‌మన్ రెండింటినీ విడదీశాడు, కీ అక్షరాల పొడవాటి తోక చేతికొచ్చింది. ఆ తోక పట్టుకుని బిల్ టట్, కంటితో ఎన్నడూ చూడని యంత్రంలో 12 చక్రాలున్నాయని, ఏ చక్రానికి ఎన్ని పళ్లో కూడా లెక్కగట్టాడు. యుద్ధకాలపు లిపి ఛేదనలో దీన్ని మించిన పని లేదనే చెప్పాలి. ఇంజినీరు టామీ ఫ్లవర్స్ కొలోసస్ అనే ఎలక్ట్రానిక్ కంప్యూటరు కట్టింది ఈ లోరెంజ్ కోసమే, ఎనిగ్మా కోసం కాదు.

[తెర మీద: ఇంటి వైఫై రూటరు, ఫోను. మధ్య నాలుగు బాణాలు]

మూడోది 2017 అక్టోబరులో, బెల్జియంలో మాథీ వాన్‌హూఫ్ బయటపెట్టిన క్రాక్ దాడి. మీ ఫోను, రూటరు కలిసేటప్పుడు వాటి మధ్య నాలుగు సందేశాలు నడుస్తాయి. మూడోది అందగానే ఫోను కీని అమర్చుకుని, ప్యాకెట్ల, అంటే పంపే డేటా ముక్కల, లెక్కను మొదటినుంచి పెట్టుకుంటుంది. నాలుగోది "అందింది" అన్న జవాబు. దాడి చేసేవాడు ఆ జవాబును మధ్యలో ఆపేస్తాడు. రూటరు పాపం, అందలేదేమో అనుకుని మూడోది మళ్లీ పంపుతుంది. ఫోను అదే కీని మళ్లీ అమర్చుకుని లెక్కను వెనక్కి తిప్పుతుంది. ఒకసారి వాడిన కీ అక్షరాలే మళ్లీ బయటికొస్తాయి, ఇందాకటి 1639, 0292 లాగే. వైఫై వాడే ఏఈఎస్ అనే లిపి గణితానికి గీత కూడా పడలేదు. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌తో సరిచేశారు, అయితే ఆ తర్వాత అప్‌డేట్ అందని పాత ఫోన్లలో ఆ కన్నం అలాగే ఉంది.

అయితే ప్రతి సందేశానికీ కొత్త కీ వాడొచ్చుగా? వాడొచ్చు, చేరవేసేదెలా? యుద్ధంలో కీల పట్టికలు కాగితం మీద అచ్చువేసి ఓడలకు పంపారు. నౌకాదళం పుస్తకాలకు నీళ్లు తగిలితే కరిగిపోయే సిరా వాడారు. అయినా 1942 అక్టోబరు 30న మునిగిపోతున్న జర్మన్ జలాంతర్గామి యూ-559 నుంచి బ్రిటిష్ నౌక సిబ్బంది ముగ్గురు పుస్తకాలు బయటికి తెచ్చారు. వాళ్లలో టోనీ ఫాసన్, కాలిన్ గ్రేజియర్ లోపలే ఉండిపోయి మునిగిపోయారు. నాలుగు రోటర్ల ఎనిగ్మా వల్ల జలాంతర్గాముల సందేశాల విషయంలో పది నెలలుగా చీకట్లో ఉన్న బ్లెచ్లీకి ఆ పుస్తకాలతోనే డిసెంబరులో దారి దొరికింది.

కాగితం అక్కర్లేకుండా చేసింది 1976లో విట్‌ఫీల్డ్ డిఫీ, మార్టిన్ హెల్‌మన్ ప్రచురించిన పద్ధతి.

[తెర మీద: విజయవాడలో అమ్మ, డల్లాస్‌లో కొడుకు]

అందరికీ తెలిసిన సంఖ్యలు 17, 3. అమ్మ రహస్యంగా 4 అనుకుంది. 3ని 4సార్లు వేసి గుణిస్తే (3×3×3×3) 81, దాన్ని 17తో భాగిస్తే శేషం 13. అది బహిరంగంగా పంపింది. కొడుకు రహస్యం 7. 3ని 7సార్లు గుణిస్తే 2187, శేషం 11. అదీ బహిరంగమే. అమ్మ 11ని 4సార్లు గుణించి శేషం తీస్తే 4. కొడుకు 13ని 7సార్లు గుణించి శేషం తీస్తే అదీ 4. దారిలో విన్నవాడికి 13, 11 తెలుసు, ఆ 4 తెలియదు. 17తో అయితే చేత్తో కనిపెట్టేయొచ్చు. వాట్సాప్ వాడే అమరికలో 17 స్థానంలో 77 అంకెల ప్రధాన సంఖ్య ఉంటుంది, గుణకారాల బదులు వక్రరేఖ మీది బిందువులు ఉంటాయి.

2016 ఏప్రిల్ నుంచి వాట్సాప్‌లో అందరికీ నడుస్తున్న సిగ్నల్ పద్ధతిలో ప్రతి సందేశానికీ వేరే కీ పుడుతుంది, వాడగానే చెరిగిపోతుంది. అవతలి నుంచి జవాబు వచ్చినప్పుడల్లా పైన చెప్పిన మార్పిడి కొత్తగా జరుగుతుంది. దారిలో ఎవరైనా దాచుకున్న పాత సందేశాలు, రేపు మీ ఫోనులోని కీలు దొరికినా తెరుచుకోవు. ఫోనులోనే ఉన్న చాట్ సంగతి వేరు, ఫోను తెరిచినవాళ్లకు అది కనిపిస్తుంది.

ఇక ఆగిపోయే చోట్లు. ఆ 13, 11 నిజంగా అమ్మవీ కొడుకువేనా? మధ్యలో ఎవరో కూర్చుని ఇద్దరికీ తన సంఖ్యలే ఇస్తే? దానికే కాంటాక్ట్ పేరు మీద నొక్కి, ఎన్‌క్రిప్షన్ అన్నచోట చూస్తే 60 అంకెల సంఖ్య ఉంటుంది. మామూలు ఫోన్‌కాల్‌లో గొంతు గుర్తుపడుతూ చదివి సరిచూసుకోండి. సెట్టింగ్స్‌లో అకౌంట్ కింద సెక్యూరిటీ నోటిఫికేషన్లు ఆన్ చేస్తే, ఆ సంఖ్య మారినప్పుడు తెలుస్తుంది. ఎక్కువసార్లు కారణం కొత్త ఫోనే. ఫోను మార్చలేదని వాళ్లే చెబితే అప్పుడు ఆలోచించాలి.

రెండో చోటు బ్యాకప్. మీరు విడిగా ఆన్ చేస్తే తప్ప గూగుల్ డ్రైవ్‌కు వెళ్లే చాట్‌కు ఈ రక్షణ ఉండదు. చాట్స్, చాట్ బ్యాకప్, ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్టెడ్ బ్యాకప్ అన్న వరసలో వెళ్లండి. అక్కడ 64 అంకెల కీ ఎంచుకుంటే కాగితం మీద రాసి ఇంట్లో భద్రపరచండి. స్క్రీన్‌షాట్ తీసి అదే ఫోనులో పెడితే ఫోనుతోపాటే పోతుంది. పోయిన కీని వాట్సాప్ కూడా తిరిగి ఇవ్వలేదు. పాస్‌వర్డు ఎంచుకుంటే, అది మీరు ఇంకెక్కడా వాడనిదే పెట్టండి. ఏదో షాపింగ్ సైటు నుంచి కారిన పాస్‌వర్డులను మిగతా ఖాతాల మీద యంత్రాలతో వేసి చూస్తారు.

[తెర మీద: చాట్ బ్యాకప్ పేజీ. కొత్త పాస్‌వర్డు గడి, ఖాళీగా]