54 గంటల్లో స్టార్టప్: మీ ప్రశ్నలు, జవాబులు

వ్యాఖ్యాత: నమస్కారం, ఫోన్-ఇన్‌కి స్వాగతం. ఈ వారం అంశం స్టార్టప్ వీకెండ్. మనతో ఉన్న మేడమ్ ఇలాంటి వాటికి మొదట పోటీదారుగా, తర్వాత మెంటర్‌గా వెళ్లారు. విజయవాడలోనే సొంత వ్యాపారం నడుపుతున్నారు. మేడమ్, అసలు అక్కడ ఏం జరుగుతుంది?

సలహాదారు: నమస్కారమండీ. శుక్రవారం సాయంత్రం ఐడియా ఉన్నవాళ్లు ఒక్కొక్కరు లేచి ఒక్క నిమిషం చెప్తారు. అందరూ ఓట్లు వేస్తారు. ఎక్కువ ఓట్లు పడ్డ ఐడియాల చుట్టూ జట్లు కడతారు. శనివారమంతా పని. ఆదివారం సాయంత్రం జడ్జీల ముందు చూపించాలి. మొత్తం 54 గంటలు. 2007లో అమెరికాలో, కొలరాడో రాష్ట్రం బౌల్డర్ అనే ఊళ్లో మొదలైన పద్ధతి ఇది.

వ్యాఖ్యాత: మొదటి కాల్ గుంటూరు నుంచి. చెప్పండమ్మా.

గుంటూరు నుంచి: నమస్తే మేడమ్. నేను బీకాం ఫైనలియర్. నాకు కోడింగ్ రాదు. నా ఫ్రెండ్స్ అందరూ బీటెక్. నువ్వొచ్చి ఏం చేస్తావ్ అంటున్నారు. నిజంగానే నాకు అక్కడ పని ఉంటుందా?

సలహాదారు: ఉంటుంది తల్లీ. మీ నాన్నగారు ఏం చేస్తారు?

గుంటూరు నుంచి: మిర్చి యార్డులో కమీషన్ దుకాణంలో గుమస్తా అండి.

సలహాదారు: ఇంట్లో యార్డు గురించి రోజూ వినే మాట ఏమిటి?

గుంటూరు నుంచి: రాత్రి అన్నం తినేటప్పుడు ఫోన్లు వస్తూనే ఉంటాయి మేడమ్. తేజ రకం మిర్చి ఎంత పలికింది, 334 రకం ఎంత పలికింది, రేపు సరుకు వెయ్యమంటారా ఆగమంటారా అని రైతులు అడుగుతుంటారు. నాన్న ఎడం చేత్తో ఫోన్ పట్టుకునే తింటారు.

సలహాదారు: ఇప్పుడు చెప్పావే, ఇదే నీ ఒక్క నిమిషం. శుక్రవారం లేచి సరిగ్గా ఇలాగే మొదలుపెట్టు. ‘మా నాన్న ఎడం చేత్తో ఫోన్ పట్టుకుని అన్నం తింటారు’ అను. హాల్లో అందరూ తలెత్తి చూస్తారు. యాప్ అనే మాట చివరి పది సెకన్లలో వస్తే చాలు. కోడింగ్ వచ్చినవాళ్లు అక్కడ దొరుకుతారు. నీలాగా ఆ ఫోన్లు విన్నవాళ్లు దొరకరు. ఇంకోటి, ఈ సేవకి డబ్బులు ఎవరిస్తారు, రైతా, కమీషన్ వ్యాపారా అని జడ్జీలు తప్పకుండా అడుగుతారు. ఆ లెక్క కట్టాల్సింది బీకాం చదివిన నువ్వే.

గుంటూరు నుంచి: కానీ మేడమ్, శని ఆదివారాలు యార్డుకి సెలవు. రైతుల్ని ఎక్కడ కలవాలి?

సలహాదారు: మంచి ప్రశ్న. అందుకే ఆ వారం మధ్యలోనే నాన్నగారితో యార్డుకి వెళ్లు. తెల్లారేసరికి టిక్కీలు, అదే మిర్చి బస్తాలు, దించుకుని కూర్చున్న రైతులు పదిమందితో మాట్లాడు. ‘యాప్ ఉంటే వాడతారా’ అని మాత్రం అడగొద్దు. ఆడపిల్ల అడిగిందని మొహమాటానికి అందరూ వాడతామనే అంటారు. ‘పోయినసారి రేటు ఎలా తెలుసుకున్నారు, తెలియక ఎంత నష్టపోయారు’ అని అడుగు. వాళ్లు చెప్పింది చెప్పినట్టు పుస్తకంలో రాసుకో. ప్రోడక్టు ముందే తయారు చేసుకుని వెళ్లడం ఈ పోటీ పద్ధతి కాదు. మనుషులతో ముందే మాట్లాడటానికి మాత్రం అడ్డేమీ లేదు.

వ్యాఖ్యాత: మీరు మొదటిసారి వెళ్లినప్పుడు ఇలా చేశారా మేడమ్?

సలహాదారు: చెయ్యలేదండీ. ఆ బాధ ఇప్పటికీ ఉంది. రైతు బజారు నుంచి ఇంటికి కూరగాయలు చేర్చే ఐడియా మాది. శనివారం పొద్దుటి నుంచి రాత్రి దాకా పేరు గురించీ, లోగో ఆకుపచ్చా నారింజా అనీ వాదించుకున్నాం. ఆదివారం ఒక జడ్జి ఒకే ప్రశ్న వేశారు, ‘ఎంతమంది రైతుల్ని అడిగారు?’ అని. ఒక్కర్నీ అడగలేదు. రైతు బజార్లు 1999 నుంచి ఉన్నాయి. మేం కూర్చున్న చోటికి పావుగంట నడకలో ఒకటుంది.

వ్యాఖ్యాత: తర్వాత?

సలహాదారు: రెండోసారి శనివారం ఐదున్నరకే వెళ్లాను. వంకాయలు అమ్మే ఒకామె, ‘ఇంటికి పంపడం సంగతి తర్వాతమ్మా, పది దాటితే ఇవి ముడుచుకుపోతాయి, ఈ మిగిలినవి ఎవరు కొంటారో చెప్పు’ అంది. తట్టలో సగం కాయలు అలాగే ఉన్నాయి. వెనక్కొచ్చి ఐడియా మొత్తం మార్చేశాం. మిగిలిన కూరలు మెస్సులకి అమ్మిపెట్టడం అన్నమాట. మధ్యాహ్నానికల్లా మూడు మెస్సులవాళ్లు తీసుకుంటామన్నారు. నేనిప్పుడు చేస్తున్న వ్యాపారం అక్కడి నుంచి వచ్చిందే. శనివారం పొద్దున హాల్లో కూర్చుని ఉన్న జట్టును చూస్తే నాకు కంగారుగా ఉంటుంది. లేపి పంపించేస్తాను.

వ్యాఖ్యాత: తర్వాతి కాల్ పటమట నుంచి.

పటమట నుంచి: అమ్మా, మా అమ్మాయి ఇంజినీరింగ్ మూడో సంవత్సరం. వెళ్తానని పట్టుబడుతోంది. రెండు రాత్రులు అక్కడే ఉండాలంటోంది. వాళ్ల నాన్నగారు ఒప్పుకోవట్లేదు. నాకూ టెన్షన్‌గానే ఉంది.

సలహాదారు: మీ భయం అర్థమైందమ్మా, నాకూ కూతురుంది. 54 గంటలంటే 54 గంటలూ మేలుకుని ఉండాలని కాదు. రాత్రి హాలు మూసేస్తారా లేదా అనేది నిర్వాహకులను బట్టి ఉంటుంది. మీరే ఫోన్ చేసి మూడు విషయాలు అడగండి. రాత్రి ఎన్నింటికి మూస్తారు? ఆడపిల్లలకు బాధ్యతగా ఎవరుంటారు, వాళ్ల నంబరేంటి? భోజనాలు అక్కడేనా? సరిగ్గా సమాధానం చెప్పకపోతే పంపొద్దు. చెప్తే రాత్రి పదింటికి వాళ్ల నాన్నగారు వెళ్లి తీసుకొచ్చి, పొద్దున్నే మళ్లీ దింపవచ్చు. నిద్రపోయి వచ్చిన పిల్లలే ఆదివారం బాగా మాట్లాడతారు, నేను చూశాను కదా.

పటమట నుంచి: మార్కులేమైనా కలుస్తాయా అమ్మా?

సలహాదారు: మార్కుల కోసమైతే పంపకండి. ముక్కూమొహం తెలియని నలుగురితో కలిసి పని చెయ్యడం, కాదన్నవాళ్లకు మర్యాదగా జవాబు చెప్పడం క్లాసులో రాదు. అందుకోసం పంపండి. ఆదివారం సాయంత్రం ప్రెజెంటేషన్లు చూడటానికి రానిస్తారేమో అడిగి, మీరిద్దరూ వెళ్లండి. వాళ్ల నాన్నగారు అమ్మాయిని స్టేజీ మీద చూడాలి.

పటమట నుంచి: సరేనమ్మా. ఆయన పక్కనే ఉన్నారు, వింటున్నారు.

వ్యాఖ్యాత: ఆటోనగర్ నుంచి ఒకరు లైన్లో ఉన్నారు.

ఆటోనగర్ నుంచి: సెకండ్‌హ్యాండ్ లారీ పార్టులు ఏ షాపులో ఉన్నాయో వెతికిపెట్టే ఐడియా ఉంది మేడమ్. అందరి ముందూ చెప్తే ఎవరైనా కొట్టేస్తారని భయం. ముందే పేటెంట్ తీసుకోవచ్చా?

సలహాదారు: ఉట్టి ఐడియాకి పేటెంట్ రాదు బాబూ. మన చట్టంలో కంప్యూటర్ ప్రోగ్రామ్‌కి దానంతట దానికి కూడా రాదు. నిజంగా కొత్త యంత్రమో, కొత్త పరికరమో కనిపెట్టి ఉంటే మాత్రం నలుగురిలో చెప్పకముందే ప్రొవిజనల్ దరఖాస్తు వేసుకోవాలి. పూర్తి వివరాలు ఇవ్వడానికి 12 నెలల గడువుంటుంది. మీది ఆ కోవలోకి రాదు. మీ బలం వేరే ఉంది. ఏ షాపువాళ్లు మిమ్మల్ని నమ్మి స్టాకు చూపిస్తారు?

ఆటోనగర్ నుంచి: మా వీధిలో అందరూ తెలుసు. చిన్నప్పటి నుంచీ అక్కడే కదా.

సలహాదారు: ఆ పరిచయం ఎవరు కొట్టెయ్యగలరు? ధైర్యంగా చెప్పండి. షాపువాళ్ల పేర్లు, కొన్న రేట్లు మాత్రం స్టేజీ మీద చెప్పకండి, అది వాళ్ల రహస్యం. మీ ఐడియాకి ఓట్లు పడకపోతే అలిగి వెళ్లిపోకండి. వేరే జట్టులో చేరి పనిచెయ్యండి.

వ్యాఖ్యాత: చివరి కాల్, తెనాలి నుంచి.

తెనాలి నుంచి: మేం పోయిన నెల గెలిచాం మేడమ్. నలుగురం. వెంటనే ప్రైవేట్ లిమిటెడ్ పెడదాం, తలా పాతిక శాతం అని ఇద్దరు అంటున్నారు. ఒకతను అప్పుడే ఉద్యోగంలో చేరిపోయాడు. వాడికీ ఇవ్వాలా?

సలహాదారు: కంపెనీ పెట్టడం కష్టం కాదు, ఇద్దరు డైరెక్టర్లు, ఇద్దరు వాటాదారులు ఉంటే చాలు. తర్వాత ఏటా లెక్కలు దాఖలు చెయ్యాలి, ఆడిట్ చేయించాలి. రూపాయి రాకముందే ఆ ఖర్చు ఎందుకు? ఇప్పటిదాకా డబ్బులిచ్చిన కస్టమర్ ఉన్నారా?

తెనాలి నుంచి: లేరండి.

సలహాదారు: అయితే వాటాల మాట పక్కన పెట్టండి. ఈ ఆదివారం నలుగురూ కూర్చోండి, ఉద్యోగంలో చేరినతన్ని కూడా పిలవండి. ఆ రెండు రోజుల్లో ఎవరు ఏం చేశారు, వచ్చే మూడు నెలలు వారానికి ఎన్ని గంటలు ఇవ్వగలరు అని తేదీ వేసి కాగితం మీద రాసుకుని సంతకాలు పెట్టండి. మూడు నెలలయ్యాక ఆ కాగితం ముందు పెట్టుకుని వాటాలు మాట్లాడండి. పాతిక శాతం తీసుకుని పనిచెయ్యని మనిషి ఉంటే మిగతా ముగ్గురికీ మనసు విరిగిపోతుంది. ఒక మంచి జట్టు అలా విడిపోవడం నేను దగ్గర్నుంచి చూశాను.

తెనాలి నుంచి: వాడు నా ప్రాణ స్నేహితుడు మేడమ్. ఎలా చెప్పాలో తెలియట్లేదు.

సలహాదారు: మీరు ఒక్కరే వెళ్లి కలవండి, ఫోన్లో వద్దు. ‘నువ్వు ఎంతవరకు చెయ్యగలవు రా’ అని అతన్నే అడగండి. ఏం చెప్తాడో పూర్తిగా వినండి.

తెనాలి నుంచి: ఇవాళ సాయంత్రం వెళ్తాను మేడమ్.