పాత కత్తికి గ్రైండర్ పెట్టకండి

[స్క్రీన్ మీద: తుప్పు పట్టిన ఫిక్స్‌డ్ బ్లేడ్ (మడత పెట్టలేని) కత్తి, పక్కనే తళతళ మెరిసే మరో పాత కత్తి]

ఈ రెండిట్లో ఏది కొంటారు? చాలామంది మెరిసేదానికే చెయ్యి చాపుతారు. ఒక్కసారి దాని అంచుకి చిన్న ఆకురాయి ఆనించి మెల్లగా జరుపుదాం. చూశారా, ఇట్టే కరుచుకుంది, పొడి రాలుతోంది. ఉక్కు మెత్తబడిపోయిందన్నమాట. ఇప్పుడు తుప్పు కత్తికి పెడదాం. అంచు మీద ఆకురాయికి పట్టు దొరకట్లేదు, జర్రున జారుతోంది. బాగుచేయదగ్గ కత్తి ఇదీ.

మెరిసేదానికి ఏమైంది? ఎవరో గ్రైండర్ పెట్టారు. చవగ్గా దొరికిన కత్తి చేతికి రాగానే గ్రైండర్ ఆన్ చేసే వీడియోలు చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. మామూలు కార్బన్ స్టీల్ కత్తుల్ని చాలావరకు 200 డిగ్రీల సెల్సియస్ పైచిలుకులో టెంపర్ చేస్తారు, అంటే గట్టిపరిచిన ఉక్కు పెళుసుదనం తగ్గేలా మళ్లీ కాస్త వేడిచేస్తారు. అంచు పల్చగా ఉంటుంది కాబట్టి చక్రం తగిలిన క్షణాల్లో ఆ వేడి దాటేసి మెత్తబడుతుంది. ఉక్కు మీద ఎండుగడ్డి రంగు వచ్చిందంటే సుమారు 220, నీలం తిరిగిందంటే 300 దరిదాపుల్లోకి వెళ్లినట్టు. పైన రుద్దితే నీలం పోతుంది, మెత్తదనం మాత్రం లోపలే ఉండిపోతుంది. అందుకే కంటిని నమ్మకుండా ఆకురాయితో చూడమంటున్నాను. స్టెయిన్‌లెస్‌లో ఈ రంగులు ఇంకా ఎక్కువ వేడికి వస్తాయి, ఈ లెక్క దానికి పనికిరాదు.

ఇక రెండో సంగతి. కత్తిని పెన్సిల్ అనుకోండి. చెక్కింది మళ్లీ పెరగదు. అందుకని ఏ పని చేసినా, ఎంత తక్కువ ఉక్కు తీస్తే అంత మంచిది.

ముందు పిడి సంగతి. బ్లేడు పట్టుకుని పిడిని అటూఇటూ ఊపండి. కదులుతోందా? పిడి చెక్కకీ ఉక్కుకీ మధ్య సందు ఉందా? అక్కడ తుప్పు ఉబ్బి చెక్కని పైకి నెడుతూ ఉంటుంది. రివెట్ల దగ్గర పగుళ్లుంటే పిడి మార్చాల్సిందే. చిన్న సందైతే శుభ్రంచేసి, బాగా ఆరనిచ్చి, ఎపాక్సీ జిగురు నింపి, క్లాంప్ వేసి 24 గంటలు ముట్టుకోకండి. ఇది అయ్యాకే తుప్పు పని. లేదంటే తుప్పు తీయడానికి వాడే వెనిగర్ ఆ సందులోకి దూరి లోపల తినేస్తుంది.

[దగ్గరగా: పొడవాటి గ్లాసులో నిలబెట్టిన బ్లేడు, పిడి బయటే]

అంచుకి టేపు చుట్టి, నూనె వేసిన సన్నరకం స్టీల్ ఊల్‌తో రుద్దితే పైపై తుప్పు వచ్చేస్తుంది. మొండి తుప్పుకైతే టేపు తీసేసి, 5 శాతం వెనిగర్‌లో బ్లేడు మాత్రమే ముంచండి. అరగంటకోసారి తీసి తుడిచి చూడండి, మామూలుగా ఒకటి రెండు గంటలు చాలు. రాత్రంతా వదిలేస్తే తుప్పు అయిపోయాక మంచి ఉక్కుని పట్టుకుంటుంది. తీయగానే అరలీటరు నీళ్లలో ఒక చెంచాడు వంటసోడా కలిపి కడిగి, పొడిగుడ్డతో తుడిచి, వెంటనే నూనె రాయండి. ఆలస్యం చేస్తే నిమిషాల్లో నారింజరంగు తుప్పు మళ్లీ పొడుస్తుంది.

తర్వాత చిన్నచిన్న నల్లటి గుంటలు మిగులుతాయి. వాటిని వదిలేయండి! ఆ గుంటల అడుగుదాకా రుద్దాలంటే బ్లేడంతా పల్చనవ్వాలి. పెన్సిల్ మీద గీత పడిందని మొత్తం పెన్సిల్ చెక్కుతామా? గుంట సరిగ్గా అంచు గీత మీద ఉంటేనే పట్టించుకోండి.

ఇప్పుడు పదును. పాత కత్తుల్లో ఎక్కువగా కనిపించే జబ్బు ఒకటుంది. ఏళ్ల తరబడి అంచునే సానబట్టి, దాని వెనక మందాన్ని ఎవరూ తగ్గించరు. పెన్సిల్లో ములుకునే గీకుతూ పోతే కొన్నాళ్లకి అది చెక్కలోకి దాక్కుంటుంది కదా, అలాగన్నమాట. అంచు పదునుగానే ఉంటుంది, కత్తి మాత్రం దిగదు. అంచు వాలు మొదలయ్యే చోట కాలిపర్స్‌తో కొలవండి. మామూలు వాడకానికి 0.5 మిల్లీమీటర్ల దరిదాపు బాగుంటుంది. 1 దాటితే 220 గ్రిట్ సానరాయి (గ్రిట్ అంకె తక్కువైతే రాయి గరుకు ఎక్కువ) మీద, నీళ్లు పోస్తూ, బ్లేడుని దాదాపు పరిచినట్టు పెట్టి పక్కల్ని దించండి. ఓపిక పట్టాల్సిన పని ఇదొక్కటే, సాగుతుంది కూడా.

కోణానికి యంత్రాలేమీ అక్కర్లేదు. ఒక్కో వైపు 20 డిగ్రీలు రావాలంటే బ్లేడు వెడల్పులో మూడోవంతు మేర వెన్ను లేపాలి. 30 మిల్లీమీటర్ల వెడల్పుకి 10. అంచుకి మార్కర్ పూసి రెండు సార్లు రాయి మీద తోయండి. రంగు పైన మాత్రమే పోతే వెన్ను కాస్త లేపండి, చివర మాత్రమే పోతే దించండి.

టైమ్ దగ్గరపడింది, మిగతావి గబగబా చెప్పేస్తాను. 400 గ్రిట్ రాయి మీద ఒక వైపు సానబట్టండి, రెండో వైపు అంచున వేలికి గరుకు తగిలేదాకా. తర్వాత రెండో వైపు కూడా అలాగే, తర్వాత 1000 గ్రిట్ రాయి మీద, చివర్లో తోలు మీద వెన్ను ముందుండేలా వెనక్కి లాగడం. వేలిని అంచు వెంట జరపొద్దు, అడ్డంగా బయటికే తీయాలి. చెక్క పిడికి అవిసె నూనె పల్చగా పూసి, పావుగంటాగి మిగిలింది తుడిచేయండి. తుడిచిన గుడ్డని ఉండచుట్టి పడేయకండి, దానంతటదే వేడెక్కి అంటుకుంటుంది. నీళ్లలో తడిపి, ఆరుబయట పరిచి ఆరనివ్వండి. కత్తిని తోలు ఒరలో పెట్టి నెలల తరబడి దాచొద్దు, తోలు తేమని పట్టి ఉంచుతుంది. మినరల్ ఆయిల్ రాసి, ఒరని వేరుగా ఉంచండి.