ఢిల్లీ వెళ్లే ముందు ఖర్చు సంగతి అడగండి

అందరికీ నమస్కారం.

బెంగళూరులో చదివే మన పిల్లలకి క్యాంపస్ ప్లేస్‌మెంట్ల సంగతి మొదటి ఏడాది నుంచే తెలుసు. ఏ కంపెనీ ఎంత ప్యాకేజీ ఇస్తుందో సీనియర్లే చెప్పేస్తారు. విదేశాంగ శాఖలో ఇంటర్న్‌గా చేరొచ్చని, ఒక ఎంపీ దగ్గర దాదాపు ఏడాది పనిచేయొచ్చని చెప్పేవాళ్లు మాత్రం దొరకరు. అనంతపురం, కడప, కర్నూలు నుంచి వచ్చి ఇక్కడ పీజీ హాస్టళ్లలో ఉంటున్నవాళ్లకి అందుకే ఈ నాలుగు మాటలు.

ముందు డబ్బు సంగతి. అడగడానికి మొహమాటపడొద్దు. ఐక్యరాజ్యసమితి సచివాలయం ఇంటర్న్‌లకు జీతం ఇవ్వదు. న్యూయార్కయినా జెనీవా అయినా అద్దె, తిండి, టికెట్టు అన్నీ మనమే పెట్టుకోవాలి. 2015లో న్యూజిలాండ్ కుర్రాడొకడు జెనీవాలో గుడారంలో ఉంటూ ఐరాస ఇంటర్న్‌షిప్‌కి వెళ్తున్నాడని తెలిసి దేశదేశాల పత్రికలు రాశాయి. కేంద్రానికి విధానాలపై సలహాలిచ్చే నీతి ఆయోగ్ ఇంటర్న్‌షిప్‌కీ స్టైపెండ్ లేదు. విధానాలు తయారయ్యే చోటికి కౌలు రైతు బిడ్డ ఖర్చు భరించలేక వెళ్లలేకపోతే, కౌలు రైతు కష్టం తెలిసినవాళ్లు అక్కడ ఎవరుంటారు? ఇది నన్ను నిజంగా బాధపెట్టే విషయం. అయితే అన్నీ ఇలాగే లేవు. అంతర్జాతీయ కార్మిక సంస్థ ఇంటర్న్‌లకు స్టైపెండ్ ఇస్తుంది.

మన విదేశాంగ శాఖ నెలకు 10,000 రూపాయలు, రానూపోనూ విమాన ఛార్జీ ఇస్తుంది. బస మనమే చూసుకోవాలి, కాబట్టి ఇంటినుంచి కొంత తెచ్చుకోక తప్పదు. ఎంపికలో యాస్పిరేషనల్ జిల్లాల, అంటే వెనకబడినవిగా కేంద్రం గుర్తించిన జిల్లాల అభ్యర్థులకు ప్రాధాన్యం ఉంది. 2018 నాటి జాబితాలో కడప, విజయనగరం, విశాఖపట్నం ఉన్నాయి. తెలంగాణ నుంచి ఖమ్మం, భూపాలపల్లి, ఆసిఫాబాద్. వెనకబడిన జిల్లా అని చెప్పుకోవడానికి సిగ్గుపడకండి, దరఖాస్తులో స్పష్టంగా రాయండి.

నేను అన్నిటికంటే ఎక్కువగా చెప్పేది ల్యాంప్ ఫెలోషిప్ గురించి, అంటే ఎంపీల దగ్గర శాసన సహాయకులుగా పనిచేయడం. చట్టసభల పనిపై పరిశోధన చేసే పీఆర్ఎస్ సంస్థ దీన్ని 2010లో మొదలుపెట్టింది. పాతికేళ్లలోపు వయసు, ఏదో ఒక డిగ్రీ ఉంటే చాలు, ఇంజనీరింగ్ అయినా సరే. నెలనెలా స్టైపెండ్ ఉంటుంది. వర్షాకాల సమావేశాల నుంచి బడ్జెట్ సమావేశాల దాకా ఒకే ఎంపీకి సహాయకులుగా ఉంటారు. లోక్‌సభలో ప్రశ్న వేయాలంటే కనీసం 15 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ఆ ప్రశ్న తయారుచేసేది మీరే. ‘రాయలసీమకు నీళ్లు ఎప్పుడిస్తారు’ అని రాస్తే మంత్రి తేలిగ్గా దాటేస్తారు. ఫలానా పథకానికి ఫలానా సంవత్సరం ఎంత కేటాయించారు, అందులో ఎంత ఖర్చయింది అని రాస్తే అంకెలతో సమాధానం చెప్పాల్సి వస్తుంది. ఆ తేడా పట్టుకోవడం ఏ తరగతి గదిలోనూ ఇంత బాగా నేర్పరు. బిల్లు వచ్చిన రెండు రోజుల్లో చదివి, అందులోని లోటుపాట్లు ఎంపీకి ఒక్క పేజీలో చెప్పడం కూడా అంతే.

ఇక్కడే పుట్టి పెరిగిన తెలుగు పిల్లలకి ఒక మాట. ఐఐఎం బెంగళూరు తోడ్పాటుతో 2020లో మొదలైన మహాత్మా గాంధీ నేషనల్ ఫెలోషిప్‌లో, జిల్లాలో ఉండి నైపుణ్య శిక్షణ ప్రణాళికలపై అధికారులతో పనిచేసినందుకు మొదటి ఏడాది నెలకు 50,000, రెండో ఏడాది 60,000 ఇచ్చారు. పనిచేసే రాష్ట్రపు అధికార భాష రావాలన్నది షరతు. ఇంట్లో తెలుగు మాట్లాడతారు గానీ చదవడం రాదంటే కలెక్టరేట్‌లో ఫైలు ముందు పెట్టినప్పుడు ఏం చేస్తారు? ఈ సెలవుల్లో చదవడం నేర్చుకోండి. కన్నడ చదవగలిగితే ఇంకా మంచిది, కర్ణాటకలోనూ పనికొస్తుంది.

చాలా దరఖాస్తుల్లో వ్యాసం అడుగుతారు. ‘దేశానికి సేవ చేయాలని చిన్నప్పటినుంచి నా కోరిక’ అని మొదలుపెట్టకండి. మీ మండలంలో రేషన్ షాపు ఎలా నడుస్తోందో, ఉపాధి హామీ కూలి ఎన్ని రోజులకు పడుతోందో వెళ్లి కనుక్కుని రాయండి. రాసినవాళ్లు వచ్చే నెల సమావేశానికి రెండు కాపీలు తీసుకురండి. కూర్చుని వాక్యం వాక్యం చూద్దాం.