శ్లాబులో ఇనుము చోటు

శ్రోతలకు నమస్కారం.

సంక్రాంతి వెళ్లి ధాన్యం డబ్బులు చేతికొచ్చాక మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో శ్లాబుల కాలం మొదలవుతుంది. ఏ ఊరెళ్లినా సరుగుడు బొంగుల మీద సెంట్రింగ్ రేకులు, వీధిలో సగం ఆక్రమించిన కంకర కుప్పలు, కాంక్రీటు కలిపే మిల్లరు చప్పుడు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస వైపున తీరం దాటినప్పుడు పెంకులూ రేకులూ ఎలా లేచిపోయాయో ఉద్దానం జనం కళ్లారా చూశారు. ఉన్నవి రెండు గదులే అయినా పైన శ్లాబు పడాలని పట్టుబడితే వాళ్లను తప్పుపట్టలేం. అయిదంగుళాల శ్లాబు చదరపు మీటరుకు 300 కిలోల పైనే తూగుతుంది. దాన్ని గాలి ఎత్తుకుపోలేదు. అయితే ఆ బరువంతా మన నెత్తి మీదే ఉంటుంది మరి. పన్నెండడుగులకు పద్నాలుగడుగుల గది ఉందనుకోండి. పైనున్న శ్లాబు ఒక్కటే సుమారు 5 టన్నులు. దాని కిందే మంచం వేసుకుని పడుకుంటాం.

ఇల్లు కట్టుకునేవాళ్లు ముందుగా అడిగేది, ‘ఎంత ఇనుము పడుతుందండీ?’ అని. మేస్త్రి ధీమా కూడా అక్కడే ఉంటుంది: ‘ఇనుము గట్టిగా ఏసేసినాం బాబూ, ఏటీ కాదు.’ శ్లాబు పోయబోయే ముందు రోజు నేను టేపు పట్టుకుని సెంట్రింగ్ ఎక్కితే వెతికేది వేరు. ఏ చువ్వ ఎటు వెళుతోంది, రేకు నుంచి ఎంత ఎత్తులో ఉంది, రేపు వందసార్లు మనుషులు తొక్కాక కూడా అక్కడే ఉంటుందా? టన్నుల లెక్క దుకాణం బిల్లులోనూ కనిపిస్తుంది. చువ్వ చోటు మాత్రం ఆ ఒక్క రోజే కనిపిస్తుంది. మర్నాడు సాయంత్రానికి అదంతా కాంక్రీటు కిందకు వెళ్లిపోతుంది.

చోటుకు అంత పట్టింపు ఎందుకంటే, పొలం కాలువ మీద తాటిపట్టె వేసి దాటుతాం కదా, నడిమధ్యకు వచ్చేసరికి అది కిందకు వంగుతుంది. వంగినప్పుడు దాని అడుగు భాగం సాగుతుంది, పై భాగం నొక్కుకుంటుంది. శ్లాబూ అంతే. కాంక్రీటు నొక్కుడును బాగా తట్టుకుంటుంది, సాగదీస్తే మాత్రం పగిలిపోతుంది. అందుకే ఎక్కడ సాగుతుందో అక్కడ ఇనుము పెడతాం. గది మధ్యలో అయితే శ్లాబు అడుగున. అదే శ్లాబు గోడ మీదుగానో బీము మీదుగానో పక్క గదిలోకి సాగితే, ఆ బీము నెత్తిన వంపు తిరగబడుతుంది. అక్కడ సాగేది పై భాగం, కాబట్టి చువ్వ కూడా పైకి రావాలి. మేస్త్రులు క్రాంకు కొట్టడం, అంటే చువ్వను ఏటవాలుగా పైకి వంచడం, దీనికోసమే. ఆ పై చువ్వ బీముకు రెండు వైపులా గది వెడల్పులో మూడో వంతుకు కాస్త తక్కువగా లోపలికి వెళ్లాలి. పన్నెండడుగుల గదిలో అది మూడున్నర అడుగులు. ఇనుము మిగుల్చుదామని రెండడుగులకే కోసేస్తే, ఆ కోసిన చోట శ్లాబు పైన బీము వెంట ఒక సన్న బీట పడుతుంది. మొదటి వానాకాలంలో అదే తడి మచ్చ అవుతుంది.

మెయిన్ చువ్వ ఎటు వేయాలన్నది ఇంకో చిక్కు. పొడుగు వైపు దూరం ఎక్కువ కదా, బలమైన చువ్వ అటే వేయాలని చాలామంది అనుకుంటారు. నిజానికి బరువు దగ్గరి దారి చూసుకుంటుంది. గది పొడవు వెడల్పుకు రెట్టింపు ఉంటే, శ్లాబు మీది బరువులో పదహారు పాళ్లు పొట్టి దిక్కున వెళితే, పొడుగు దిక్కున వెళ్లేది ఒక్క పాలు. ఆ పదహారు ఎక్కడిదంటే, వంపు అనేది దూరంతో పాటు నాలుగో ఘాతంలో పెరుగుతుంది, రెండును నాలుగుసార్లు హెచ్చిస్తే పదహారు. అందుకే పదడుగుల వెడల్పు, ఇరవై రెండడుగుల పొడవు ఉన్న హాల్లో మెయిన్ చువ్వలు పదడుగుల దిక్కునే పడాలి, అడ్డంగా, బరువును పంచే సన్న చువ్వలు (డిస్ట్రిబ్యూషన్ చువ్వలు) చాలు. పన్నెండుకు పద్నాలుగు గదిలో రెండు దిక్కులా మెయిన్ చువ్వలే. అక్కడ కూడా పొట్టి దిక్కు చువ్వ అడుగు వరసలో ఉండాలి, పొడుగుది దాని మీద. పని మొదలయ్యాక వరసలు తారుమారయ్యాయని తెలిస్తే విప్పి కట్టించడానికి ఎవరికీ మనసొప్పదు. కాబట్టి మొదటి చువ్వ పరిచేటప్పుడే పక్కన నిలబడండి.

గది మూలల గురించి ఒక్క మాట. రెండు వైపులా బయటి గోడలే ఉన్న మూలలో, బరువు పడినప్పుడు శ్లాబు కొస పైకి లేవాలని చూస్తుంది. గోడలూ బీములూ లేవనివ్వకపోతే మూల మీదుగా ఏటవాలు బీట పడుతుంది. దానికి ఆ మూలలో పైనా కిందా చిన్న జాలీ కట్టాలి. గది వెడల్పులో అయిదో వంతు చాలు, అంటే పన్నెండడుగులకు దాదాపు రెండున్నర అడుగులు. మన ఊళ్లలో దీన్ని వేసేవాళ్లు బహు తక్కువ. ముక్కలుగా మిగిలిపోయే చువ్వలతోనే అయిపోయే పని ఇది.

ఇక బాల్కనీలు. నాకు అన్నిటికన్నా బెంగ పెట్టేవి ఇవే.

బాల్కనీకి ఒకే వైపు ఆధారం. బయటి కొస గాలిలో ఉంటుంది. కాబట్టి దాని పొడవునా సాగేది పై భాగమే, మెయిన్ చువ్వంతా పైనే ఉండాలి. కట్టేటప్పుడు చక్కగా పైనే కడతారు. శ్లాబు రోజు తెల్లవారుజామున కొబ్బరికాయ కొట్టి మొదలుపెడతారు, పది గంటలకు ఎండెక్కుతుంది, తట్టలు మోసేవాళ్లు దగ్గరి దారి అని ఆ చువ్వల మీదుగానే నడుస్తారు. పాదం పడిన చోటల్లా చువ్వ కిందకు దిగిపోతుంది. లెక్క చూడండి. అయిదంగుళాల బాల్కనీ, అంటే 125 మిల్లీమీటర్లు. పైన చువ్వను కప్పే కాంక్రీటు, అంటే కవరు, 20 పోగా, 10 మిల్లీమీటర్ల చువ్వ మధ్య నుంచి అడుగు వరకు 100 మిల్లీమీటర్లు ఉంటుంది. బాల్కనీ బలం ఈ వందను బట్టే. తొక్కుడుకు చువ్వ 40 దిగితే వంద కాస్తా అరవై అవుతుంది, నూటికి నలభై వంతుల బలం పోయినట్టే. ఇనుము బిల్లులో ఒక్క కిలో తగ్గలేదు, మేస్త్రి చెప్పిన టన్నులన్నీ లోపలే ఉన్నాయి. పూర్తిగా అడుక్కి దిగిపోతే ఆ చువ్వ ఉండీ లేనట్టే.

దీనికి మందు చైర్లు. చువ్వ ముక్కలను కుర్చీలా వంచి, పై వరసను మోసేలా మీటరుకొకటి పెట్టడం, మనుషులు నడవడానికి చువ్వల మీద కాక విడిగా చెక్క పలకలు వేయడం, అంతే. హైదరాబాదులో, చెన్నైలో అపార్ట్‌మెంట్లకు ఇనుము కట్టేవాళ్లలో మన జిల్లాల కుర్రాళ్లు ఎందరో ఉన్నారు. చైరు అంటే ఏమిటో వాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు. అక్కడ అడిగేవాళ్లుంటారు కనుక పెడతారు, సొంతూళ్లో పక్కింటి శ్లాబుకు అడిగేవాళ్లుండరు.

ఇంకో సంగతి, బాల్కనీ చువ్వ గోడ దాకా వచ్చి ఆగకూడదు. లోపలి శ్లాబులోకి వెళ్లి పట్టు చిక్కించుకోవాలి. కాంక్రీటు పట్టుకే 10 మిల్లీమీటర్ల చువ్వకు దాదాపు రెండడుగులు కావాలి. నేనైతే బాల్కనీ ఎంత బయటకు వస్తే అంతకు ఒకటిన్నర రెట్లు లోపలికి పంపమంటాను. నాలుగడుగుల బాల్కనీకి అయిదంగుళాల మందం నాకు నచ్చదు. గోడ దగ్గర ఆరంగుళాలు, కొసన నాలుగు పెట్టండి. కాంక్రీటు పెద్దగా పెరగదు, బలం కావలసిన చోటికి వస్తుంది. విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమాను తిరిగే రోజు ఆ దారిలో ఇళ్ల బాల్కనీలు ఎలా కిక్కిరిసిపోతాయో చూసినవాళ్లకు ఎందుకింత చెబుతున్నానో అర్థమవుతుంది. మన భారతీయ ప్రమాణాలు కూడా గదికి చదరపు మీటరుకు 200 కిలోల బరువు లెక్కేయమంటే, బాల్కనీకి 300 లెక్కేయమన్నాయి.

ఇప్పుడు తీరం సంగతి. ఇచ్ఛాపురం, సోంపేట, కళింగపట్నం నుంచి భోగాపురం దాకా సముద్రపు గాలి తగిలే ఊళ్లన్నిటికీ ఇది వర్తిస్తుంది. గాలిలోని ఉప్పు మెల్లగా కాంక్రీటులోకి ఇంకి చువ్వను చేరుతుంది. చువ్వ తుప్పు పడితే ఉబ్బుతుంది. ఆ తుప్పు అసలు ఇనుముకు రెండు మూడు రెట్లు, అంతకు మించి కూడా చోటు అడుగుతుంది. చోటెక్కడిది? కింది కాంక్రీటును నెట్టేస్తుంది. ముందు చువ్వ వెంట గీతలా బీట, తర్వాత గోధుమరంగు మరక, ఆఖరికి పెచ్చులు. పెచ్చు ఊడిన చోట సిమెంటు పులిమి సున్నం వేస్తే లోపల తుప్పు ఆగదు, ఏడాదికో రెండేళ్లకో ఆ పూతా ఊడుతుంది.

చువ్వకూ బయటి గాలికీ మధ్యనున్న కాంక్రీటునే కవరు అంటాం. కాంక్రీటు పనులకు ఐఎస్ 456 అనే భారతీయ ప్రమాణం ఉంది, దాన్ని 2000 సంవత్సరంలో సవరించారు. దాని ప్రకారం సముద్రానికి దూరంగా ఉన్న ఊళ్లలో, వానా ఎండా తగలని కాంక్రీటుకు 20 మిల్లీమీటర్లు చాలు. తీర ప్రాంతంలోనే ఉన్నా ఉప్పుగాలి నేరుగా తగలకుండా లోపలుండే భాగాలకు 30. తీరపు గాలికి బయటపడి ఉన్నవాటికి 45, కాంక్రీటు కూడా ఎం-30 రకానికి తగ్గకూడదు (ఎం పక్క అంకె కాంక్రీటు బలాన్ని చెబుతుంది, ఎక్కువైతే గట్టిది). నలభై అయిదంటే దాదాపు రెండంగుళాలు. అయిదంగుళాల శ్లాబులో అంత కవరు వదిలితే చువ్వ బాగా పైకి జరిగి బలం తగ్గుతుంది, కనుక శ్లాబు మందమే పెంచాలి. శ్రీకాకుళం టౌనులో చుట్టాలింటికి గీయించిన ప్లాను తెచ్చి బారువ ఒడ్డున కట్టేస్తే కుదరదనేది ఇందుకే.

మన దగ్గర కవరు ఎలా వస్తుందో చూస్తున్నాను. చువ్వ కింద ఒక కంకర రాయి తోస్తారు. కాంక్రీటును కుదించే వైబ్రేటరు పెట్టగానే అది పక్కకు జారిపోతుంది, చువ్వ రేకు మీద కూర్చుంటుంది. సెంట్రింగ్ విప్పాక శ్లాబు అడుగున చువ్వల గీతలు కనిపిస్తే జరిగింది అదే. సిమెంటు, ఇసుక కలిపి, మధ్యలో బైండింగ్ వైరు ముక్క గుచ్చి, సరిగ్గా కావలసిన మందానికి బిళ్లలు పోసుకుని, వారం పది రోజులు నీళ్లలో నానబెట్టి వాడుకోవాలి. ప్లాస్టిక్‌వి కొనుక్కున్నా ఖర్చు పెద్దదేం కాదు.

నీళ్లు కూడా ఇక్కడే చెప్పేస్తాను. ఎం-25 కాంక్రీటుకు 50 కిలోల సిమెంటు బస్తాకు 25 లీటర్లు మించకూడదు, ఇసుకలో ఉన్న తడి కూడా అందులో లెక్కే. తీరంలో ఎం-30కి ఇరవై రెండున్నర. మిల్లరులోకి పైపు వదిలేస్తే కాంక్రీటు జారుగా వచ్చి పని సుఖంగా సాగుతుంది. కాకపోతే ఆ ఎక్కువైన నీళ్లు ఆరిపోయాక మిగిలే సన్నని రంధ్రాల్లోంచే ఉప్పు లోపలికి దారి చేసుకుంటుంది. ఇసుకకు మనకు నాగావళి, వంశధార ఉన్నాయి, సముద్రపు ఒడ్డు ఇసుక జోలికి వెళ్లొద్దు. బోరు నీళ్లు ఉప్పగా ఉంటే వాటితో కలపొద్దు, తడపనూ వద్దు. లీటరులో క్లోరైడు 500 మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్లు ఇనుమున్న కాంక్రీటుకు పనికిరావు.

తర్వాత మేడ మీద గదులు విభజించుకునేవాళ్లకు: నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ పదడుగుల ఎత్తున కడితే ప్రతి అడుగు పొడవుకు సుమారు 200 కిలోల బరువు. కింద బీము లేకుండా శ్లాబు నడిబొడ్డున దాన్ని నిలబెట్టొద్దు. నీళ్ల ట్యాంకు కూడా అంతే, వెయ్యి లీటర్లంటే ఒక టన్ను, దాని కాళ్లు గోడల మీదకో బీముల మీదకో రావాలి.

శ్లాబు పడ్డాక మళ్లు కట్టి నీళ్లు నిలపడం మనవాళ్లకు అలవాటే. మామూలు సిమెంటుకు కనీసం 7 రోజులు. ఇప్పుడు దుకాణాల్లో ఎక్కువగా దొరికే పీపీసీకి, అంటే బూడిద కలిపిన సిమెంటుకు, 10 రోజులు, ఎండలు ముదిరాక 14. ఫిబ్రవరి, మార్చి శ్లాబులకు నేను పద్నాలుగే చెబుతాను.

బొంగులు తీసే విషయంలో మాత్రం తొందర ఎక్కువ. సెంట్రింగ్ అద్దె పెరుగుతుంది, ఇంకో ఇంటివాళ్లు వాటికోసం కాచుకుని ఉంటారు. పదిహేనడుగుల లోపు గదులకు, మామూలు సిమెంటు వాడి సరిగా తడిపితే, బొంగులు వారం ఉంచాలి. అంతకన్నా పెద్ద హాలుకు రెండు వారాలు. పీపీసీ మొదట్లో నెమ్మదిగా గట్టిపడుతుంది కనుక గదులకు ఇంకో నాలుగు రోజులు, పెద్ద హాలుకు ఆరు రోజులు ఆగండి. తీసేటప్పుడు గది శ్లాబుకైతే మధ్య బొంగులు ముందు, గోడల దగ్గరివి తర్వాత. బాల్కనీకి, సన్‌షేడుకు పద్ధతి వేరు. బయటి కొస బొంగు మొదట తీసి, ఒక్కొక్కటిగా గోడ వైపు రావాలి. గోడ దగ్గరివి ముందు పీకి కొస బొంగు వదిలేస్తే బాల్కనీ కాస్తా రెండు వైపులా ఆధారమున్న శ్లాబులా వంగుతుంది. అప్పుడు సాగేది అడుగు భాగం, అక్కడ మనం పెట్టిన ఇనుము ఉండదు. ఆ రోజు కూడా మేస్త్రి పక్కన ఉండి, ఏ బొంగు ముందో మీరే చూపించండి.

నమస్కారం.