ఆడే వయసు ఎవరు నిర్ణయించాలి?

(వేసవి బాస్కెట్‌బాల్ శిబిరం ముగింపు సభలో ఒక కోచ్ చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దల పేర్లు ఇందాకే చదివారు కాబట్టి మళ్లీ చదవను. నెల రోజులుగా తెల్లారి ఐదింటికే పిల్లల్ని లేపి, బండెక్కించుకుని ఇక్కడ దింపిన అమ్మలకూ, నాన్నలకూ, తాతయ్యలకూ మాత్రం పేరుపేరునా దండం పెడుతున్నాను.

నిర్వాహకులు నాకిచ్చిన అంశం ‘క్రీడలు – వ్యక్తిత్వ వికాసం’. దాని మీద మాట్లాడేవాళ్లు చాలామంది ఉన్నారు. నాకున్న ఈ కాసేపట్లో వేరే సంగతి చెప్పాలి. శిబిరంలో పిల్లలు నన్ను పదేపదే అడిగింది ఒకటే: “మేడమ్, ఎన్‌బీఏలోకి ఎలా వెళ్తారు? ఏదైనా పరీక్ష ఉంటుందా?” ఎన్‌బీఏ అంటే అమెరికాలోని ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్. అడిగారు కాబట్టి చెప్తాను. అమెరికా సంగతి మనకెందుకు అని పెద్దవాళ్లు అనుకోవద్దు, చివరిదాకా వినండి.

పరీక్ష ఉండదు. డ్రాఫ్ట్ అని ఉంటుంది. ముప్ఫై జట్లు ఏడాదికోసారి కూర్చుని, రెండు రౌండ్లలో, మామూలుగా 60 మంది కొత్తవాళ్లను వంతుల వారీగా ఎంచుకుంటాయి. ముందు వంతులు ఎవరివో తేల్చడానికి కిందటి సీజన్లో వెనకబడిన జట్ల మధ్య లాటరీ తీస్తారు. ఇక్కడ గమనించాల్సింది ఏమిటంటే, జట్టు ఆటగాణ్ని ఎంచుకుంటుంది గానీ ఆటగాడు జట్టును ఎంచుకోడు. మొదటి రౌండులో పిలుపొస్తే జీతం స్కేలు ముందే రాసి ఉంటుంది, మొదటి రెండేళ్ల జీతానికి గ్యారంటీ కూడా ఉంటుంది. రెండో రౌండులో వస్తే ఆ గ్యారంటీ లేదు.

ఇక వయసు. డ్రాఫ్ట్ జరిగే ఏడాదిలో 19 నిండాలి. అమెరికా పిల్లలైతే హైస్కూల్ అయ్యాక ఏడాది గడవాలి కూడా. 2005లో లీగుకూ ఆటగాళ్ల యూనియన్‌కూ కుదిరిన ఒప్పందంలో ఈ నియమం పెట్టారు, 2006 డ్రాఫ్ట్ నుంచి అమలైంది. బల్లకు ఒక పక్క జట్ల యజమానులు కూర్చున్నారు. రెండో పక్క అప్పటికే లీగులో ఉద్యోగాలున్న ఆటగాళ్లు. పద్దెనిమిదేళ్ల కుర్రాడికి అక్కడ కుర్చీ లేదు. వాడి బతుకు గురించి రాసుకున్నారు, వాణ్ని మాత్రం అడగలేదు. నాకు ఒళ్లు మండేది ఇక్కడే.

దీనికి ముందు కథ ఇంకోటుంది. స్పెన్సర్ హేవుడ్ కథ. పిల్లలూ, ఈ పేరు రాసుకోండి.

హేవుడ్ 1949లో మిసిసిపీలో సిల్వర్ సిటీ అనే చిన్న ఊళ్లో పుట్టాడు. పదిమంది పిల్లలున్న ఇల్లు. చిన్నప్పుడే పత్తి చేలల్లో కూలికి వెళ్లాడు. పత్తి తీసే చేతులు ఎలా ఉంటాయో ఇక్కడ ఆదిలాబాద్ నుంచి, గుంటూరు నుంచి వచ్చినవాళ్లకు నేను చెప్పక్కర్లేదు. ఆ కుర్రాడు 19 ఏళ్లకే 1968 మెక్సికో ఒలింపిక్స్‌లో అమెరికాకు బంగారు పతకం తెచ్చిన జట్టులో ఆడాడు. దేశం తరఫున పతకం తేవడానికి వయసు సరిపోయింది. జీతం తీసుకుని ఆడడానికి సరిపోలేదు! అప్పట్లో ఎన్‌బీఏ నియమం ప్రకారం హైస్కూల్ అయ్యాక నాలుగేళ్లు గడిస్తే గానీ ఎవర్నీ తీసుకోరు.

ఏబీఏ అని అప్పట్లో పోటీ లీగ్ ఒకటి ఉండేది. ఇంట్లో ఇబ్బంది ఉన్న పిల్లల్ని అది ముందే తీసుకుంది. హేవుడ్ అక్కడ డెన్వర్ రాకెట్స్‌కు ఆడి, మొదటి ఏడాదే మ్యాచ్‌కు సగటున 30 పాయింట్లు, 19కి పైగా రీబౌండ్లు (గురి తప్పి వెనక్కొచ్చిన బంతిని పట్టుకోవడం) సాధించాడు. ఉత్తమ ఆటగాడు అవార్డు కూడా అతనికే ఇచ్చారు. తరువాత ఎన్‌బీఏలోని సియాటిల్ సూపర్‌సోనిక్స్ యజమాని శామ్ షుల్మన్ నియమాన్ని పక్కన పెట్టి అతనితో సంతకం చేయించుకున్నాడు. లీగ్ ఒప్పుకోలేదు. కేసు కోర్టుకెక్కింది. ఆ రోజుల్లో వేరే ఊళ్లలో మ్యాచ్‌కు వెళ్తే, ‘మైదానంలో చట్టవిరుద్ధమైన ఆటగాడు ఉన్నాడు’ అని మైకులో చెప్పేవారట. హేవుడే తరువాత చాలాసార్లు చెప్పుకున్నాడు.

ఆగండి, ఇది ఇంకోసారి చెప్తాను. ఇరవై ఒక్క ఏళ్ల కుర్రాడు. ఎవర్నీ కొట్టలేదు, ఎవరి సొమ్మూ తినలేదు. బంతి పట్టుకుని మైదానంలోకి వచ్చాడు, అంతే. వేలమంది ముందు వాణ్ని చట్టవిరుద్ధమన్నారు. ఇక్కడున్న నాన్నగార్లు ఆలోచించండి, మీ అబ్బాయి పేరు మైకులో అలా వినపడితే ఎలా ఉంటుంది?

1971 మార్చిలో అమెరికా సుప్రీంకోర్టులో హేవుడ్‌కు అనుకూలంగా ఉత్తర్వు వచ్చింది. తరువాత లీగ్ రాజీకొచ్చింది. నాలుగేళ్ల నియమం సడలింది. 1995లో కెవిన్ గార్నెట్, 1996లో కోబీ బ్రయంట్, 2003లో లెబ్రాన్ జేమ్స్ హైస్కూల్ నుంచి నేరుగా వచ్చారంటే, ఆ తలుపు తెరిచింది మిసిసిపీ పత్తి కూలీ కొడుకు. అలాంటి మనిషిని మేటి ఆటగాళ్లను గౌరవించే హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి తీసుకోవడానికి 2015 దాకా పట్టింది.

అందరూ లెబ్రాన్‌లే కాలేదు, నిజమే. కోర్లియోన్ యంగ్ అనే కుర్రాడు 1998లో స్కూల్ నుంచి నేరుగా వచ్చి ఎన్‌బీఏలో ఆడింది మూడంటే మూడు మ్యాచ్‌లు. 2001 డ్రాఫ్ట్‌లో మొదటి నలుగురిలో ముగ్గురు స్కూల్ పిల్లలే. చాలా మ్యాచ్‌లు చూడందే ఎవరు పనికొస్తారో తేల్చుకోలేక జట్లు తలలు పట్టుకున్నాయి. 2005 నియమానికి పైకి చెప్పిన కారణం పిల్లల మేలు. పిల్లల మేలే కోరితే వాళ్లు దెబ్బతిన్నప్పుడు చదువు ఖర్చు ఎవరు పెట్టుకుంటారో కూడా రాసి ఉండాల్సింది. నా దృష్టిలో అసలు లాభం జట్లదే. ఏడాది పాటు ఆ పిల్లల్ని కాలేజీ పోషిస్తుంది, తర్ఫీదు ఇస్తుంది, టీవీలో చూపించి పేరు తెస్తుంది. జట్టుకు పైసా ఖర్చు లేదు. కాలేజీలకు టీవీ డబ్బు కోట్లలో వస్తుంది. కుర్రాడికి అప్పట్లో దక్కింది స్కాలర్‌షిప్పు, హాస్టల్ గది. 2021 దాకా బయట ఎవరి దగ్గరైనా డబ్బు తీసుకుంటే అనర్హుడనేవారు.

అప్పుడు ఒక కుర్రాడు, కాలేజీలో ఊరికే ఎందుకు ఆడాలి అనుకున్నాడు. బ్రాండన్ జెన్నింగ్స్. 2008లో అరిజోనా యూనివర్సిటీకి వెళ్లాల్సినవాడు విమానమెక్కి రోమ్ వెళ్లిపోయాడు. తల్లి, తమ్ముడు కూడా వెంట వెళ్లారు. ఎన్ని మాటలన్నారో! డబ్బు మనిషన్నారు, చదువు ఎగ్గొట్టాడన్నారు. రోమ్‌లో ఎర్ర తివాచీ ఏమీ పరచలేదు. అక్కడ ఆడేది ముప్ఫై ఏళ్లవాళ్లతో, పెళ్లాం పిల్లలున్న మగవాళ్లతో. బెంచీ మీద కూర్చోబెట్టారు. ఇటలీ లీగులో సగటున ఐదారు పాయింట్లు చేశాడు. అయినా 2009 డ్రాఫ్ట్‌లో పదో పిలుపు అతనికే వచ్చింది, మిల్వాకీ జట్టు తీసుకుంది. ఆ నవంబర్లో గోల్డెన్ స్టేట్ మీద మ్యాచ్. మొదటి క్వార్టర్లో జెన్నింగ్స్ పాయింట్లు సున్నా. మ్యాచ్ అయ్యేసరికి 55! శిబిరం పిల్లలకు ఆ వీడియో చూపించాను, గుర్తుందిగా?

జెరెమీ టైలర్ కథ మాత్రం ఇలా లేదు. 2009లో హైస్కూల్ ఇంకో ఏడాది ఉండగానే, అంటే మన లెక్కలో ఇంటర్ మధ్యలో అనుకోండి, ఇజ్రాయెల్‌లోని హైఫా క్లబ్బుకు వెళ్లాడు. ఒంటరితనం, భాష రాదు, ఆడనిచ్చింది కొద్దిసేపు. సీజన్ పూర్తి కాకుండానే ఇంటికొచ్చేశాడు. మరుసటి ఏడాది జపాన్‌లో టోక్యో జట్టు. అక్కడ 2011 భూకంపం వచ్చి ఆ జట్టు సీజనే ఆగిపోయింది. చివరికి రెండో రౌండులో 39వ వాడిగా పిలుపొచ్చింది. అంటే గ్యారంటీ లేని రౌండు. విదేశం వెళ్లడం తప్పని నేననను, ఒప్పనీ అనను. పదిహేడేళ్లవాడి పక్కన కూర్చుని కాంట్రాక్టు చదివిపెట్టే మనిషి ఉన్నాడా లేడా, నేను అడిగేది అదొక్కటే.

తరువాత దారి పడింది. 2014లో ఇమ్మాన్యుయేల్ ముడియాయ్ చైనాలోని గ్వాంగ్‌డాంగ్ వెళ్లాడు, పన్నెండు లక్షల డాలర్ల కాంట్రాక్టు అని పత్రికలు రాశాయి. గాయం వల్ల ఆడింది కొద్ది మ్యాచ్‌లే, అయినా ఏడో పిలుపు వచ్చింది. 2018లో ఆస్ట్రేలియా లీగ్ ఇలాంటి పిల్లల కోసమే ‘నెక్స్ట్ స్టార్స్’ అని పథకం పెట్టింది. లామెలో బాల్ అక్కడ పన్నెండు మ్యాచ్‌లు ఆడి 2020లో మూడో పిలుపు అందుకున్నాడు. ఇంతమంది వెళ్లిపోతుంటే గానీ అమెరికాలో కదలిక రాలేదు. ఎన్‌బీఏ తన చిన్న లీగులో ఇగ్నైట్ అనే జట్టు పెట్టి పిల్లలకు జీతాలిచ్చింది. మన పంజాబ్ కుర్రాడు ప్రిన్స్‌పాల్ సింగ్ కూడా ఆ జట్టులో ఉన్నాడు. 2021 జూలై నుంచి కాలేజీ ఆటగాళ్లు తమ పేరు, ఫొటో మీద డబ్బు సంపాదించుకోవచ్చన్నారు. ఆ దెబ్బకు గాలి ఎదురు తిరిగింది. ఇగ్నైట్ 2024లో మూతపడింది. ఇప్పుడు యూరప్ క్లబ్బుల్లో పెరిగిన పిల్లలే అమెరికా కాలేజీలకు వస్తున్నారు. రియల్ మాడ్రిడ్‌లో ఆడిన యెగోర్ ద్యోమిన్ ఒక అమెరికా యూనివర్సిటీకి వచ్చి, 2025లో ఎనిమిదో పిలుపు అందుకున్నాడు. పిల్లలు మొదటినుంచీ అడుగుతున్నది కష్టానికి కూలి. ఇక్కడ ఇస్తే ఇక్కడే ఉంటారు.

టైమైందని చీటీ పంపారు. చూశాను. ఇంకో రెండు మాటలు చెప్పి దిగుతాను. ఆడపిల్లల సంగతి చెప్పకుండా మాత్రం దిగను.

అమెరికా మహిళల లీగ్ డబ్ల్యూఎన్‌బీఏలో ఇన్నేళ్లూ నడిచిన నియమం ఇంకా కఠినం. అమెరికా అమ్మాయికి ఆ ఏడాది 22 రావాలి, లేదా డిగ్రీ పూర్తవ్వాలి, లేదా హైస్కూల్ అయి నాలుగేళ్లు గడవాలి. వేరే దేశపు అమ్మాయికైతే 20 చాలు. అబ్బాయిల విషయంలో హేవుడ్ బద్దలు కొట్టిన నాలుగేళ్ల గోడ అమ్మాయిలకు అలాగే నిలబడి ఉంది. లోపలికి వెళ్లాక జీతమా? డయానా టౌరసి అంతటి క్రీడాకారిణికి 2015లో రష్యా క్లబ్బు, ‘ఈ వేసవి అమెరికాలో ఆడొద్దు, విశ్రాంతి తీసుకో’ అని అమెరికా జీతానికి ఎన్నో రెట్లు ఇచ్చింది. ఆమె ఆ సీజన్ మానేసింది. అలాగే రష్యా క్లబ్బుకు ఆడిన మరో అమెరికా క్రీడాకారిణి బ్రిట్నీ గ్రైనర్ 2022లో అక్కడ అరెస్టై డిసెంబర్ దాకా జైల్లో ఉంది. అంత దూరం ఎందుకెళ్లిందని టీవీల్లో అడిగారు. ఇంటి దగ్గర చాలినంత ఇస్తే ఏ తల్లి కన్న బిడ్డ ఆ చలిలోకి వెళ్తుంది?

మన దేశంలో గీతూ అన్నా జోస్ ఉంది. కేరళ అమ్మాయి, రైల్వే ఉద్యోగి. నేనూ రైల్వే జట్టు మనిషినే కాబట్టి ఆమె పేరు చెప్తుంటే నాకు ఛాతీ ఉప్పొంగుతుంది. 2006లో ఆస్ట్రేలియా క్లబ్బుకు ఆడింది. 2011లో డబ్ల్యూఎన్‌బీఏ ట్రయల్స్‌కు వెళ్లింది. మగపిల్లల్లో సత్నామ్ సింగ్ 2015లో డాలస్ జట్టుకు 52వ పిలుపుతో ఎంపికయ్యాడు. మన దేశం నుంచి డ్రాఫ్ట్ అయిన మొదటివాడు. ఎన్‌బీఏ సీజన్లో ఒక్క మ్యాచ్ ఆడే అవకాశం మాత్రం రాలేదు.

ఇప్పుడు మన ముంగిట్లో సంగతి. నా దగ్గర ఆడిన ఒక అమ్మాయి. పేరు చెప్పను, ఏ ఊరో చెప్పను. ఐదడుగుల పదకొండంగుళాలు. తండ్రి రైస్ మిల్లులో గుమస్తా. వేరే రాష్ట్రంలో ఒక ప్రభుత్వ డిపార్ట్‌మెంట్ జట్టు ఆమెను చూసి, ఉద్యోగమిస్తాం రమ్మంది. కావాల్సింది ఒక్క కాగితం. ఇక్కడి బాస్కెట్‌బాల్ సంఘం నుంచి ఎన్‌ఓసీ, అంటే వెళ్లడానికి అభ్యంతరం లేదనే పత్రం. దరఖాస్తు పెట్టింది. సెక్రటరీ గారు ఊళ్లో లేరన్నారు. తరువాత, వచ్చే మీటింగులో పెడతామన్నారు. ఇంకోసారి వెళ్తే స్టాంపు వేసే మనిషి లేడన్నారు. ఆ తండ్రి మిల్లుకు సెలవు పెట్టి చెప్పులరిగేలా తిరిగాడు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారే, సరిగ్గా అదే. చివరికి కాగితం చేతికొచ్చింది, గడువు దాటాక. కాగితం మీద తేదీ మాత్రం గడువుకు రెండు రోజుల ముందుది! ఆ తేదీని నేను కళ్లారా చూశాను. ఆ అమ్మాయి ఇప్పుడు ఆడటం లేదు.

పెద్దలకు కోపం వస్తే రానివ్వండి. అమెరికాలో ఆ నియమాన్ని కనీసం అచ్చు వేసి చూపిస్తారు. దాని మీద కోర్టుకు వెళ్లొచ్చు, హేవుడ్ వెళ్లాడు. స్టాంపు వేసే మనిషి లేడన్న మాట మీద ఏ కోర్టుకు వెళ్తాం?

ఈ సభలో సంఘం పెద్దలున్నారు కాబట్టి అడుగుతున్నాను. ఎన్‌ఓసీ దరఖాస్తు ఇచ్చిన రోజే తేదీ వేసి రసీదు ఇవ్వండి. వారంలోగా ఇస్తామో, ఇవ్వమో కాగితం మీద రాయండి. ఇవ్వకపోతే ఎందుకో రాయండి. విదేశం వెళ్లే పిల్లలకు అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య ఫిబా నియమాల ప్రకారం జాతీయ సమాఖ్య నుంచి క్లియరెన్స్ లెటర్ కావాలి. అది ఎవరి ద్వారా, ఎన్ని రోజుల్లో వస్తుందో నోటీసు బోర్డు మీద పెట్టండి.

తల్లిదండ్రులూ, మీ ఇంటికి ఏజెంటో, అకాడమీ మనిషో వచ్చి ‘మీ వాణ్ని అమెరికా పంపిస్తాం’ అంటే ఆ పూటే సంతకం పెట్టకండి. గాయమైతే వైద్యం ఎవరిది, చదువు మధ్యలో ఆగితే ఫీజు ఎవరు కడతారు, తిరుగు టికెట్ ఎవరు తీస్తారు? ఈ మూడూ కాగితంలో ఉన్నాయో లేదో చూడండి. చదవడం కష్టమైతే నా దగ్గరికి తీసుకురండి. ఆదివారం పొద్దున ప్రాక్టీస్ అయ్యాక కోర్టు పక్క గదిలోనే ఉంటాను. లాయరైన మా తమ్ముడు కూడా వస్తానన్నాడు. ఫీజేమీ లేదు. జిరాక్స్ తీయించుకుని తెచ్చుకోండి, ఒరిజినల్ ఇంట్లోనే ఉంచండి.