చిట్టా, ఆవర్జా, ఖాళీ కవరు

పద్మ: నమస్కారమండీ. ఈవారం కాగితాలు. 1919లో నల్లజాతి నాయకుడు మార్కస్ గార్వీ న్యూయార్కులో పెట్టిన బ్లాక్ స్టార్ లైన్ ఓడల కంపెనీ, దాని లెక్కల పుస్తకాలు...

రమణ: చిట్టా ఉందా, రోజువారీ లెక్క? ఆవర్జా ఉందా, ఖాతాల పుస్తకం?

పద్మ: మొదలెట్టాడు! ఇంకా నిమిషం కాలేదు.

రమణ: మా తాతయ్య ఏమనేవాడంటే...

పద్మ: తెలుసు. వినేవాళ్లకీ తెలుసు. సరే, వాటా 5 డాలర్లు. ఒక్కొక్కరికి 200 వాటాలు దాటి అమ్మరు. కొన్నది ఎక్కువగా కూలీనాలీ చేసుకునే నల్లవాళ్లు. మన ఓడల్లో మనం అట్లాంటిక్ దాటి ఆఫ్రికా పోదామని ఆశ. మొదటి ఓడ యార్మౌత్, 1887 నాటిది, 1,65,000 డాలర్లు.

రమణ: ముప్పై రెండేళ్ల ఓడకా?

పద్మ: చివరికి 1,625 డాలర్లకి అమ్ముడుపోయింది.

రమణ: మరి తరుగు ఏ ఖాతాలో రాశారు?

పద్మ: ఒరేయ్, ఓ ట్రిప్పులో కొబ్బరికాయలెక్కించారు. సభల కోసం ఊరూరా ఆపమన్నాడు గార్వీ. లోపల కాయలు కుళ్లిపోయాయి. అదే తరుగు, రాసుకో!

రమణ: నవ్వకక్కా. మోసమేగా?

పద్మ: చేతకానితనం. మోసం కాదు. గార్వీ మీద పెట్టిన కేసెలా నిలబడిందో చూడు. పోస్టు ద్వారా మోసం అన్నారు. సాక్షి చూపించింది ఖాళీ కవరు! లోపల ఏమొచ్చిందో గుర్తులేదన్నాడు. నలుగురిలో గార్వీ ఒక్కడికే శిక్ష, 1923లో అయిదేళ్లు.

రమణ: కవరు వదిలెయ్. బ్రోచరులో బొమ్మ? ఇంకా కొననే లేదు, ఓడ మీద ఫిలిస్ వీట్లీ అని నల్లజాతి కవయిత్రి పేరు దిద్ది అచ్చేశారు.

పద్మ: బేరం నడుస్తోందప్పుడు.

రమణ: బేరం నడిస్తే ఓడ మనదైపోతుందా?

పద్మ: 2025లో బైడెన్ గార్వీకి క్షమాభిక్ష కూడా పెట్టాడు, చచ్చిపోయిన ఎనభై అయిదేళ్లకి.

రమణ: వాటా కొన్నవాళ్లకేం పెట్టాడు?

పద్మ: ...ఏంట్రా, ఇవాళ ఇంత కోపం?

రమణ: మా నాన్న టేకు తోటలో వాటా కొన్నాడక్కా. బ్రోచరు నిండా చెట్లే. నిగనిగలాడే కాగితం. తోట ఎక్కడుందో ఎవరూ చూడలేదు.

పద్మ: ఇన్నేళ్లలో ఎప్పుడూ చెప్పలేదే.

రమణ: అమ్మ ట్రంకుపెట్టెలో ఉంది ఆ పత్రం. పారేద్దామంటే ఊరుకోదు. పోనీలే. ఆ కవరు మీద కంపెనీ ముద్రైనా ఉందా?

పద్మ: ఉంది.

రమణ: అయితే పంపిన తేదీ తపాలా చిట్టాలో...

పద్మ: మళ్లీ చిట్టా! అసలు పుస్తకాల్లోకి మనం ఇంకా వెళ్లనేలేదు. యార్మౌత్ విస్కీ ట్రిప్పు ఖాతా చూస్తే...

రమణ: అక్కా, నీ ఫోను. రెండు శాతం.

పద్మ: చార్జరు ఎవరు పట్టుకెళ్లా...