ఫాసిల్: తవ్వితే దొరికేదల్లా

అందరికీ నమస్కారం.

జర్మన్ పండితుడు గియోర్గియస్ అగ్రికోలా 1546లో 'దె నతూరా ఫాసిలియం' అని లాటిన్‌లో ఒక పుస్తకం అచ్చువేయించాడు. ఫాసిల్స్ స్వభావాన్ని గురించిన పుస్తకమని అర్థం. మొత్తం పది భాగాలు. రాతి చేపలో, రాక్షసబల్లులో ఉంటాయనుకుని తెరిస్తే అందులో కనిపించేవి ఉప్పు, పటిక, గంధకం, పాలరాయి, కెంపు, వెండి, సీసం. పుస్తకానికి పేరు తప్పుగా పెట్టాడనుకోకండి. ఆ రోజుల్లో ఫాసిల్ అంటే అదే. నేలను తవ్వితే ఏది దొరికితే అది.

లాటిన్‌లో 'ఫోదెరె' అంటే తవ్వడం. దానికి చుట్టమే 'ఫాసిలిస్', అంటే తవ్వి తీసినది. ఒకప్పుడు ప్రాణం ఉన్నదా లేదా, పాతదా కొత్తదా అన్న పట్టింపు ఆ మాటకు లేదు. క్రీ.శ. మొదటి శతాబ్దంలో రోమన్ రచయిత ప్లినీ, భూమిలో తెల్లని, నల్లని దంతం దొరుకుతుందని రాస్తూ ఈ మాటే వాడాడు. మనకిది కొరుకుడుపడని సంగతేమీ కాదు. సంస్కృతంలో 'ఖన్' ధాతువుకు తవ్వడమని అర్థం. ఖని, ఖననం, ఖనిజం అన్నీ దాని పిల్లలే. కాబట్టి అగ్రికోలా పుస్తకం పేరును తెలుగు చేస్తే 'ఖనిజాల స్వభావం' అవుతుంది, 'శిలాజాల స్వభావం' కాదు. శిలాజం అన్నది, ఫాసిల్ అర్థం బాగా కుంచించుకుపోయాక దానికి మనం పెట్టుకున్న పేరు. ఆ కుంచించుకుపోవడానికి రెండున్నర శతాబ్దాలు పట్టింది.

ఎందుకంత కాలం? అగ్రికోలా పని పద్ధతి చూస్తే కొంత తెలుస్తుంది. ఆయన బొహీమియాలో యోఆకిమ్స్‌తాల్ అనే వెండిగనుల ఊళ్లో వైద్యుడిగా ఉన్నవాడు. గనిలో దొరికినదాన్ని చేతిలోకి తీసుకుని రంగు, రుచి, వాసన, బరువు, గట్టితనం చూస్తాడు. ఆకారం ఆ జాబితాలో ఒక లక్షణం మాత్రమే. పొట్టేలు కొమ్ములా చుట్టుకున్న రాయి దొరికితే, అది వింత ఆకారమున్న రాయి, అంతే. నేలలో ఊరే రసాలు గట్టిపడి రాళ్లవుతాయన్న వివరణ అప్పటికి సరిపోయేది.

1565లో జ్యూరిక్‌లో ప్రకృతి శాస్త్రజ్ఞుడు కాన్రాడ్ గెస్నర్ ఫాసిల్స్ మీద బొమ్మలతో ఒక పుస్తకం తెచ్చాడు. పెన్సిల్ బొమ్మ మొట్టమొదట అచ్చయింది అందులోనే. గ్రాఫైట్‌ను కూడా తవ్వే తీస్తారు కదా! ఫాసిల్ అనే మాట ఎంత వెడల్పుగా ఉండేదో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

అసలు పేచీ 'నాలుక రాళ్ల' దగ్గర వచ్చింది. మాల్టా ద్వీపంలో త్రికోణాకారంలో, నున్నగా మెరిసే రాళ్లు దొరికేవి. విషానికి విరుగుడని అమ్మేవారు. 1616లో ఇటలీ పండితుడు ఫాబియో కొలోన్నా వాటిని కాల్చి చూశాడు. మామూలు సున్నపురాయి కాలిస్తే మసిబారకుండా సున్నమవుతుంది. ఇవి ముందు బొగ్గులా నల్లబడి, ఆ తర్వాతే బూడిదయ్యాయి. ఎముక, పన్ను కాలే తీరు అది. యాభై ఏళ్ల తర్వాత, 1666లో, లివోర్నో దగ్గర పెద్ద సొరచేప ఒకటి పట్టుబడింది. దాని తలను ఫ్లోరెన్సుకు తెప్పించి డెన్మార్క్ నుంచి వచ్చిన శరీరశాస్త్రజ్ఞుడు నికొలాస్ స్టెనో చేత కోయించారు. నోట్లో ఉన్న పళ్లు, మాల్టా రాళ్లు ఒకే అచ్చులో ఉన్నాయి.

పోలిక ఒక్కటే అయితే వాదన ఆగదు. ప్రకృతి సరదాకి అలా చెక్కిందనేవాళ్లు అప్పుడు చాలామంది. స్టెనో గొప్పతనం 1669 పుస్తకంలో ఉంది. రెండు గట్టి వస్తువులు ఒకదానికొకటి ఆనుకుని ఉంటే, వాటిలో ముందు గట్టిపడింది ఏది? ఏది తన అచ్చును రెండోదాని మీద వేసిందో అది. రాతి పగులులో పెరిగిన స్ఫటికం ఆ పగులు ఆకారంలోకి సర్దుకుంటుంది, అంటే రాయి ముందు, స్ఫటికం తర్వాత. పన్ను, గుల్ల అలా సర్దుకోవు. ఎక్కడ దొరికినా వాటి ఆకారం వాటిదే. రాయే వాటి చుట్టూ సర్దుకుంది. అంటే రాయి ఇంకా బురదగా ఉన్నప్పటికే అవి గట్టి వస్తువులు.

ఈ పరీక్షకు మన ఇళ్లలోనే నమూనా ఉంది, సాలగ్రామం. వజ్రకీటం తొలిచి చక్రం చేసిందని సంప్రదాయం చెబుతుంది. పూజ సంగతి పూజది, నేను రాయి గురించే మాట్లాడుతున్నాను. చక్రం కనిపించేలా విచ్చుకున్న సాలగ్రామాన్ని వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుని చూడండి. చుట్టు వెంట వరసగా గీతలుంటాయి. ఒక సగంలో గీత పైకి ఉబికి ఉంటే, ఎదుటి సగంలో అదే చోట గాడి ఉంటుంది. తొలిస్తే ఇలా జత కుదరదు. అది అమ్మోనైట్ అనే సముద్రజీవి గుల్ల, దాని అచ్చు. జురాసిక్ కాలపు సముద్రం అడుగు బురదలో ఆ జీవి పూడుకుపోయి కుళ్లుతుంటే, చుట్టూ ఉన్న నీటి రసాయనం మారి, అక్కడికక్కడ ఖనిజాలు పేరుకుని బురద ముద్ద గట్టిపడింది. బయటి షేల్, అంటే పొరలుగా గట్టిపడిన బురదరాయి, మెత్తన; లోపలి ముద్ద గట్టి. నేపాల్‌లోని కాళీగండకి నది షేల్‌ను కోసేసి, ముద్దలను మాత్రం దొర్లించుకొస్తుంది.

స్టెనో తర్వాత కూడా మాట వెంటనే మారలేదు. మధ్యేమార్గంగా రెండు అరలు చేశారు. ఇంగ్లండులో జాన్ వుడ్‌వర్డ్ తన సేకరణను నేలలో పుట్టిన ఫాసిల్స్, బయటినుంచి వచ్చి చేరిన ఫాసిల్స్ అని విడదీశాడు. లోహాలు, రాళ్లు మొదటి అరలో. గుల్లలు, ఎముకలు రెండో అరలో. ఆయన బీరువాలు ఇప్పటికీ కేంబ్రిడ్జిలో ఉన్నాయి. 18వ శతాబ్దంలో రసాయనశాస్త్రం పుంజుకుని ఖనిజాలకు సొంత శాస్త్రం, సొంత వర్గీకరణ వచ్చాక మొదటి అర దానికదే ఖాళీ అయింది. మిగిలిన రెండో అరకు ఫ్రెంచి ప్రకృతి శాస్త్రజ్ఞుడు లామార్క్ 1801లో నిర్వచనం ఇచ్చాడు. ప్రాణుల అవశేషమై ఉండాలి, భూమిలోనో నీటి అడుగునో చాలాకాలం ఉండి మార్పు చెంది ఉండాలి, అయినా ఆకారం, నిర్మాణం గుర్తుపట్టేలా ఉండాలి.

పాత అర్థం పూర్తిగా చావలేదు. శిలాజ ఇంధనం అన్న మాట వినగానే రాక్షసబల్లులు కరిగి పెట్రోలు అయ్యాయనుకునేవాళ్లున్నారు. పెట్రోలియానికి ముడిసరుకు ముఖ్యంగా సముద్రపు ప్లవకాలు (నీటిలో తేలే సూక్ష్మజీవులు), శైవలాలు (నాచు). ఇంగ్లీషులో 'ఫాసిల్ ఫ్యూయెల్' అన్న మాట 1759 నాటి ఒక రసాయనశాస్త్ర అనువాదంలోనే కనిపిస్తుంది. అక్కడ దానర్థం తవ్వి తీసే ఇంధనం, అంతే. మన 'నేలబొగ్గు' అచ్చం అదే పని చేస్తుంది: చెట్టు కాల్చి చేసిన బొగ్గు కాదు, నేలలోంచి తీసినది. 1871లో ఇల్లందు దగ్గర భూగర్భ శాస్త్రజ్ఞుడు విలియం కింగ్ గుర్తించిన సింగరేణి బొగ్గునే తీసుకోండి. ఒక బొగ్గు పెడ్డను అగ్రికోలాకు చూపిస్తే తడుముకోకుండా ఫాసిల్ అంటాడు. లామార్క్ మాత్రం పెడ్డను పక్కన పెట్టి, పొరల మధ్య షేల్‌లో గ్లాసోప్టెరిస్ అనే అంతరించిన మొక్క ఆకు ముద్ర ఉందా అని వెతుకుతాడు. మధ్య ఈనె, దాన్నుంచి వలలా అల్లుకున్న ఈనెలు కనిపిస్తే అది ఫాసిల్.

ఇవాళ ఆ మాటలోకి అడుగుజాడలు, బొరియలు, రాయైన పేడ కూడా వస్తాయి. వయసుకు పది వేల ఏళ్లన్నది వాడుకలోని గీత మాత్రమే. రాయిగా మారాలన్న నియమమూ లేదు. అంబర్‌లో, అంటే గట్టిపడిన చెట్టు బంకలో, చిక్కుకున్న దోమ ఫాసిలే. శిలాజం అన్న మన మాట ఇక్కడ కొంచెం తప్పుదారి పట్టిస్తుంది.

ఎక్కువమంది మోసపోయేది డెండ్రైట్ల దగ్గర. సున్నపురాయి పలకను పొర విడదీస్తే నల్లగా ఫెర్న్ మొక్కలాంటిది కనిపిస్తుంది. అది పగుళ్లలోకి ఇంకిన నీరు వదిలిన మాంగనీసు ఆక్సైడు. లెన్సుతో చూస్తే ఈనె ఉండదు, మందం ఉండదు, కొమ్మలు పగులు అంచునుంచి బయల్దేరతాయి. కడప బండ మీదైతే లెన్సు కూడా అక్కర్లేదు. ఆ రాయి ఏర్పడేనాటికి నేలమీద మొక్కలే లేవు. ఎముకా, రాయా అన్న అనుమానం వస్తే అగ్రికోలా పద్ధతి ఇప్పటికీ నడుస్తుంది: పొడి ముక్కను నాలుకకు ఆనిస్తే, సన్నని రంధ్రాల వల్ల ఎముక అంటుకుంటుంది. కొన్ని బంకమట్టి రాళ్లూ అంటుకుంటాయి, అందుకే దీనొక్కదాన్నే నమ్మకూడదు.

తవ్వడం అన్న పాత అర్థాన్ని ఈనాటి సేకరణకర్తలు మరిచిపోతున్నారని నా ఫిర్యాదు. వస్తువు దాచుకుంటారు, ఎక్కడ తవ్వారో రాసుకోరు. ఆదిలాబాద్ ప్రాంతంలో దొరికిన రాక్షసబల్లి 'కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్' పేరు చూడండి. కోట అంటే దుర్గం కాదు, కోటా అనే రాతి పొరల వరుస. యామన్‌పల్లి దొరికిన ఊరు. 1988లో పెట్టిన ఆ పేరే చీటీలా పనిచేస్తుంది. అస్థిపంజరం హైదరాబాదు బిర్లా సైన్స్ సెంటర్లో ఉంది. వెళ్లినప్పుడు తల దగ్గర ఒక్క క్షణం ఆగండి. పుర్రె దొరకలేదు, అక్కడ పెట్టింది ఊహించి చేసినది.

మీకు ఏదైనా కనిపిస్తే కదిలించకముందే పక్కన స్కేలు పెట్టి ఫొటో తీయండి. ఊరు, అక్షాంశ రేఖాంశాలు, పొర రంగు, పైనుంచి ఎన్నో పొర, ఏ వైపు పైకి ఉంది, తేదీ రాయండి. పెళుసుగా ఉంటే వార్నిష్, చెక్క జిగురు పూయొద్దు. అవి పైన పొరకట్టి, పసుపెక్కి, తర్వాత ఊడిరావు. మ్యూజియాల్లో పారలాయిడ్ బి-72 అనే ప్లాస్టిక్ రెసిన్‌ను ఎసిటోన్‌లో 5 నుంచి 10 శాతం పల్చగా కలిపి వాడతారు, చిక్కగా కలిపితే లోపలికి ఇంకదు. పెద్ద ఎముక అయితే అసలు ముట్టుకోకుండా, ఫొటోలతో హైదరాబాదు బండ్లగూడలోని భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ కార్యాలయానికి తెలియజేయండి.